సరుకు నౌక అంతరిక్ష కేంద్రాన్ని చేరేదాకా దాని జాడ తెలుసుకోవడం ఎలా?

ప్రశ్న:
అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి సరుకులు తీసుకువెళ్ళే సిగ్నస్ నౌక ప్రయోగాన్ని ప్రత్యక్ష ప్రసారంలో చూశాను. రాకెట్ నుంచి నౌక విడిపోయిన కాసేపటికే ప్రసారం ముగిసింది. కేంద్రాన్ని చేరడానికి ఇంకా రెండు రోజులు పడుతుందని చెప్పారు. రష్యా సరుకు నౌక ప్రోగ్రెస్ ఒకటి మాత్రం నాలుగు గంటల్లోపే చేరిందని ఇదివరకు చదివాను. 400 కిలోమీటర్ల ఎత్తుకు ఇంత తేడా ఎందుకు వస్తుంది? పైగా ట్రాకింగ్ సైటులో కేంద్రం కనబడుతోంది గాని, నౌక పేరు ఎంత వెతికినా దొరకడం లేదు. ఈ రెండు రోజులూ దాని ప్రయాణాన్ని గమనించే మార్గం ఉంటే దయచేసి తెలుపగలరు.

సమాధానం 1:
ఎత్తుకు చేరడం పెద్ద పని కాదు. రాకెట్ బయలుదేరిన సుమారు తొమ్మిది, పది నిమిషాల్లోనే నౌక కక్ష్యలో ఉంటుంది. ఆ కక్ష్యలో కేంద్రం ఎంత ముందుందన్నదాని మీదనే మిగిలినదంతా ఆధారపడుతుంది. ప్రోగ్రెస్‌నే తీసుకోండి. అది మొదట దాదాపు 200, 240 కిలోమీటర్ల ఎత్తుల మధ్య తిరుగుతూ దాదాపు 89 నిమిషాలకు ఒక చుట్టు పూర్తి చేస్తుంది. పైన ఉన్న కేంద్రానికి అదే చుట్టుకు దాదాపు 93 నిమిషాలు కావాలి. కిందనున్నది వేగంగా తిరుగుతుంది కనుక, చుట్టు చుట్టుకూ నౌక సుమారు 16 డిగ్రీల దూరాన్ని పూడ్చుకుంటుంది. కేంద్రం 30 డిగ్రీలు ముందుంటే రెండు చుట్లు చాలు. 250 డిగ్రీలు ముందుంటే పదిహేను చుట్లు దాటుతాయి, అంటే ఒక రోజు అక్కడే గడిచిపోతుంది. 2018 జూలైలో ప్రోగ్రెస్ ఎంఎస్-09 రెండు చుట్లలో, 3 గంటల 40 నిమిషాలకు చేరగలిగిందంటే, ప్రయోగ సమయానికి కేంద్రం సరైన చోట ఉండేలా దాని కక్ష్యను ముందే సవరించి ఉంచడం వల్లనే. ప్రోగ్రెస్ నౌకల పాత పద్ధతిలో 34 చుట్లు, రెండు రోజులు పట్టేవి.

కేంద్రం దగ్గరగా వచ్చేదాకా ప్రయోగాన్ని ఆపవచ్చు కదా అని మీరు అడగవచ్చు. అది కుదరదు. భూమి తిరుగుతూ ప్రయోగ స్థలాన్ని కేంద్రపు కక్ష్యాతలం (ఆ కక్ష్య మొత్తం ఇమిడి ఉండే సమతలం) కిందికి తెచ్చే క్షణంలోనే రాకెట్ బయలుదేరాలి. తలాన్ని ఒక్క డిగ్రీ తిప్పుకోవాలన్నా సెకనుకు 130 మీటర్లకు పైగా వేగమార్పు అవసరమవుతుంది, అంత ఇంధనం ఎవరూ వృథా చేయరు. ప్రయోగం ఒక రోజు వాయిదా పడితే మరునాటి సమయం సుమారు 24 నిమిషాలు ముందే రావడానికి కూడా ఈ తలమే కారణం.

ఇక నౌక పేరు సంగతి. కొత్తగా కక్ష్యలోకి వెళ్ళినవాటిని జాబితాలో మొదట ‘ఆబ్జెక్ట్ ఎ’, ‘ఆబ్జెక్ట్ బి’ అని మాత్రమే రాస్తారు, పేర్లు తరువాత చేరుతాయి. అందువల్ల ఉపగ్రహాల కక్ష్యా వివరాలిచ్చే సెలెస్‌ట్రాక్ సైటులో గత 30 రోజుల ప్రయోగాల జాబితా తెరిచి, ప్రయోగ సంవత్సరం, ఆ సంవత్సరంలో అది ఎన్నో ప్రయోగమన్న సంఖ్యల ఆధారంగా వెతకండి. కేంద్రానిది 1998-067ఎ, కేంద్రపు మొదటి భాగం (మాడ్యూలు) జర్యా ఆ ఏడాదే వెళ్ళింది. జాబితాలో రాకెట్ పై దశ కూడా ఉంటే తికమక పడకండి. దాని ఆవర్తన కాలం (ఒక చుట్టుకు పట్టే సమయం) పెరగదు, నౌకది మాత్రం ఇంజను మండిన ప్రతిసారీ 89 నుంచి 90కి, అక్కడి నుంచి 92 నిమిషాలకు పెరుగుతూ పోతుంది.

సమాధానం 2:
పై వివరణకు ఒక హెచ్చరిక చేర్చాలి. షెడ్యూలులో రాసిన సమయం ఏ కాలమానానిదో ముందు చూసుకోండి. నాసా ప్రకటనల్లో అమెరికా తూర్పు ప్రాంత సమయం, రష్యా ప్రకటనల్లో మాస్కో సమయం ఉంటాయి. మొదటిది ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీకి నాలుగైదు గంటలు వెనుక, రెండోది మూడు గంటలు ముందు. తేదీయే మారిపోయి డాకింగ్ (నౌక కేంద్రానికి అతుక్కోవడం) చూడలేకపోయినవారిలో నేనూ ఒకణ్ణి.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఆవర్తన కాలాన్ని బట్టి నౌకను గుర్తించగలిగాను. నిన్న సాయంత్రం సైటు చెప్పినట్టే 7:12కు కేంద్రం వెళ్ళింది. నౌక 7:27కు రావాలి, కాని 7:31కి గాని మసక చుక్కలా కనిపించలేదు. లెక్కలో నా పొరపాటా? ఇంకో సందేహం కూడా ఉంది. ‘చేరిక’ అని షెడ్యూలులో రాసిన సమయానికి నౌక నిజంగా కేంద్రానికి అతుక్కుంటుందా?

సమాధానం 1:
మీ లెక్క సరైనదే, సైటు వాడిన కక్ష్యా వివరాలు పాతవి అయి ఉంటాయి. ఆ వివరాలు నమోదయిన తరువాత ఇంజను మండితే నౌక పైకి లేస్తుంది, చుట్టు సమయం పెరుగుతుంది, కనుక అది ఊహించినదానికన్నా ఆలస్యంగానే వస్తుంది. చుట్టుకు 40 సెకన్లు పెరిగినా ఆరు చుట్లలో నాలుగు నిమిషాల తేడా తేలుతుంది. వివరాలు ఏ సమయానివో సైటులోనే రాసి ఉంటుంది, చూసే ముందు అది ఒకసారి సరిచూసుకోండి. కేంద్రానికీ నౌకకూ మధ్య విరామం ఈ రోజు తగ్గాలి. కేంద్రం సెకనుకు 7.66 కిలోమీటర్లు వెళ్తుంది కనుక, నౌక 100 కిలోమీటర్ల దూరంలోకి వచ్చేసరికి రెండు చుక్కలూ 13 సెకన్ల తేడాతో ఒకే దారిన వెళ్తాయి.

రెండో సందేహానికి సమాధానం నౌకను బట్టి మారుతుంది. ప్రోగ్రెస్, డ్రాగన్ నౌకలు వాటంతటవే వచ్చి డాకింగ్ చేసుకుంటాయి. సిగ్నస్ మాత్రం సుమారు పది మీటర్ల దూరంలో ఆగుతుంది, కెనడార్మ్2 అనే రోబో చేయి దాన్ని పట్టుకుంటుంది. మీరు చూసిన సమయం సాధారణంగా ఆ పట్టుకునే క్షణానిది. సాధారణంగా యూనిటీ మాడ్యూలు అడుగున ఉన్న ద్వారానికి దాన్ని బిగించడానికి మరికొన్ని గంటలు పడుతుంది, లీకుల పరీక్ష ముగిశాకే లోపలి తలుపు తెరుస్తారు. సమయాలు మారినా కంగారు పడకండి. 2025 సెప్టెంబరులో సిగ్నస్ ఎక్స్ఎల్ (సిగ్నస్‌లో పెద్ద రకం) ప్రధాన ఇంజను అనుకున్నదానికంటే ముందే ఆగిపోవడంతో ఆ నౌకను ఒక రోజు ఆలస్యంగా, 18న పట్టుకున్నారు.