1967 టాప్స్ చివరి సిరీస్: అమ్మేవారు చెప్పే ‘షార్ట్ ప్రింట్’ మాటను ఎంతవరకు నమ్మవచ్చు?

ఎడిసన్ వాసి అడిగిన ప్రశ్న

సభ్యులకు నమస్కారం. న్యూజెర్సీలో స్థిరపడిన తరువాత, ఇక్కడి సహోద్యోగుల సావాసం వల్ల నాకు పాత బేస్‌బాల్ కార్డుల మీద ఆసక్తి కలిగింది. టాప్స్ సంస్థ 1967లో విడుదల చేసిన 609 కార్డుల సెట్‌ను కొంతకాలంగా ఒక్కొక్కటిగా సమకూర్చుకుంటున్నాను. 533వ నంబరు వరకు దాదాపు అన్నీ దొరికాయి. మిక్కీ మ్యాంటిల్, విల్లీ మేస్, రాబర్టో క్లెమెంటే వంటి ఖరీదైన కార్డులు కూడా, మూలలు కొంత అరిగినవే అయినా, నా ఆల్బమ్‌లో చేరాయి. ఇక మిగిలింది 534 నుంచి 609 వరకు ఉన్న 76 కార్డుల చివరి సిరీస్. ఇక్కడే నాకు తోచడం లేదు.

ఇటీవల ఒక ప్రదర్శనలో ఈ సిరీస్‌కు చెందిన ఒక మామూలు పిచర్ (బంతి విసిరే ఆటగాడి) కార్డుకు, అదే స్థితిలో ఉన్న ఇతర కామన్ కార్డుల (అంతగా పేరులేని ఆటగాళ్ల కార్డుల) ధరకు మూడు రెట్లు అడిగారు. ఎందుకని విచారిస్తే అది ‘షార్ట్ ప్రింట్’, అంటే మిగతావాటికంటే తక్కువగా అచ్చయినది అన్నారు. రుజువుగా, కార్డులను పరీక్షించి స్థితిని బట్టి గ్రేడు ఇచ్చే పీఎస్ఏ సంస్థ ‘పాప్ రిపోర్ట్’ను, అంటే ఏ కార్డు ఎన్ని ఉన్నాయో చూపే దాని పట్టికను, ఫోనులో చూపించారు. నిజంగానే అందులో ఆ కార్డు ప్రతుల సంఖ్య చాలా తక్కువగా ఉంది. అదే సిరీస్‌లోని, తరువాత తార అయిన టామ్ సీవర్ తొలి కార్డు, అంటే 581వ నంబరు, దానికి ఎన్నో రెట్లు కనిపించింది. సీవర్ కార్డు అంత ఎక్కువగా దొరికేదైతే అంత ఖరీదు ఎందుకు? ఈ పిచర్ కార్డు అంత అరుదైనదైతే ఎవరూ దాని గురించి మాట్లాడరెందుకు?

ఒక కార్డు నిజంగా అరుదైనదో కాదో తేల్చుకోవడానికి నమ్మదగిన పద్ధతి ఏమిటో, ఈ 76 కార్డులను ఏ వరుసలో కొనడం మంచిదో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు. నాకు గ్రేడింగ్ చేసిన కార్డులు అక్కరలేదు. మడతలు లేకుండా, చూడడానికి బాగుంటే చాలు.

లెక్కల మాస్టారు సమాధానం

ఎడిసన్ వాసి గారికి, చివరి సిరీస్ మొత్తం ముందు సిరీస్‌ల కంటే అరుదు కావడం ఒక సంగతి, ఆ సిరీస్‌లోనే ఒక కార్డు మరొక కార్డు కంటే అరుదు కావడం వేరొక సంగతి. మొదటిదాని గురించి ఎవరికీ సందేహం లేదు. ఆ రోజుల్లో టాప్స్ ఏడాది కార్డులను వసంతం నుంచి వేసవి చివరి వరకు సిరీస్ తరువాత సిరీస్‌గా దుకాణాలకు పంపేది. చివరి సిరీస్ వచ్చే సమయానికి బడులు తెరిచేవారు, పిల్లల దృష్టి ఫుట్‌బాల్ వైపు మళ్లేది, దుకాణదారులు కొత్త పెట్టెలు తెప్పించుకోవడానికి వెనుకాడేవారు. అందువల్ల ఆ సిరీస్ తక్కువగా అచ్చయి, తక్కువగా అమ్ముడుపోయింది. సెట్ మొత్తాన్ని ఒకేసారి విడుదల చేసే పద్ధతి 1974లో గాని రాలేదు. చివరిదే ఎప్పుడూ కష్టమైన సిరీస్ అనుకోవడానికి కూడా లేదు. 1957 సెట్‌లో 265 నుంచి 352 వరకు ఉన్న నడిమి కార్డులే, వాటి తరువాత వచ్చినవాటి కంటే కష్టంగా దొరుకుతాయి.

రెండో సంగతికి అచ్చు షీటు దగ్గరకు వెళ్లాలి. 1967 నాటి టాప్స్ షీటులో అడ్డంగా 11, నిలువుగా 12 చొప్పున 132 కార్డులు ఉండేవి. ఇటువంటి రెండు షీట్లను జంటగా అచ్చువేసేవారు. అంటే ఒక విడతకు 264 గడులు, 11 కార్డుల అడ్డువరసలుగా చెబితే 24 వరసలు. చివరి సిరీస్‌లోని 76 కార్డులకు ఏడు వరసలు కావాలి, ఒక గడి మిగులుతుంది. 24 వరసల చోటును ఏడు వరసలకు సమానంగా పంచడం సాధ్యం కాదు. వీలైనంత సమానంగా పంచినా నాలుగు వరసలు మూడేసి సార్లు, మూడు వరసలు నాలుగేసి సార్లు వస్తాయి. మరీ అసమానంగా పంచి, ఐదు వరసలను నాలుగేసి సార్లు, రెండు వరసలను రెండేసి సార్లు వేశారనుకున్నా, తక్కువగా వచ్చిన కార్డుకు ఎక్కువగా వచ్చిన కార్డు రెట్టింపే ఉంటుంది గాని పది రెట్లు ఉండదు.

ఈ లెక్క నుంచి మీకు పనికివచ్చే సూత్రం ఒకటి వస్తుంది. షీటు మీద కొరత ఒక్క కార్డుకు రాదు, వరసకు వస్తుంది. ఒక వరస తక్కువ సార్లు అచ్చయితే అందులోని పదకొండు కార్డులూ దాదాపు ఒకే స్థాయిలో అరుదవుతాయి. కాబట్టి ఎవరైనా ఒక్క కార్డును చూపించి ఇది షార్ట్ ప్రింట్ అన్నప్పుడు, షీటు మీద దాని ఇరుగుపొరుగు కార్డులు ఏవి, వాటికి కూడా ఇంతే ధర అడుగుతున్నారా అని ప్రశ్నించండి. పొరుగు కార్డులు మామూలు ధరకు దొరుకుతూ ఇదొక్కటే మూడు రెట్లు పలుకుతుంటే, దానికి కారణం అచ్చుయంత్రంలో లేదు.

ఒక్క కార్డుకే కొరత వచ్చిన సందర్భాలు లేకపోలేదు, అయితే వాటి వెనుక ఎవరైనా చెప్పగలిగే కారణం ఒకటి ఉంటుంది. గౌడీ అనే సంస్థ 1933 సెట్‌లో 106వ నంబరు కార్డును ఆ ఏడాది అసలు విడుదలే చేయలేదు; మరుసటి ఏడాది పాతతరం ఆటగాడు నాప్ లాజవే బొమ్మతో అచ్చువేసి, లేదని ఉత్తరాలు రాసినవారికి తపాలాలో పంపారు. అందుకే అది ఈనాటికీ ఆ సెట్ కట్టేవారికి కొరకరాని కొయ్య. మీ పిచర్ కార్డుకు ఇటువంటి చరిత్ర ఏదైనా ఉందేమో అమ్మేవారినే అడిగి చూడవలసింది.

సంఖ్యకు, ఖరీదుకు మధ్య సంబంధం ఎంత పలుచనిదో 1952 టాప్స్ చూపిస్తుంది. అందులో 311 నుంచి 407 వరకు చివరి సిరీస్, అంటే 97 కార్డులు. షీటుకు నూరు గడులు. మిగిలిన మూడు గడులను నింపడానికి మ్యాంటిల్, జాకీ రాబిన్సన్, బాబీ థామ్సన్ కార్డులను రెండేసి సార్లు వేశారు. మొత్తం సెట్‌లో అందరూ కలలుగనే 311వ నంబరు మ్యాంటిల్, తన సిరీస్‌లోని అనామక ఆటగాళ్ల కార్డులకు రెట్టింపుగా అచ్చయినదన్నమాట. అయినా 2022 ఆగస్టులో ఒక మేలైన ప్రతి 126 లక్షల డాలర్లకు వేలంలో అమ్ముడుపోయింది. ఆ సిరీస్ మిగులు పెట్టెలను 1960 ప్రాంతంలో బార్జి మీద తీసుకుపోయి అట్లాంటిక్‌లో పారవేయించినట్లు టాప్స్ ఉద్యోగి సై బెర్గర్ స్వయంగా చెప్పుకున్న కథ అందరికీ తెలిసిందే. సముద్రంలో కలిసినవాటిలోనూ మ్యాంటిల్ కార్డులే రెట్టింపుగా ఉండి ఉంటాయి మరి.

ఎడిసన్ వాసి

మాస్టారు గారూ, వరసల లెక్క ఇంత విపులంగా వివరించినందుకు కృతజ్ఞతలు. అయితే ఏ కార్డు పక్కన ఏ కార్డు ఉండేదో నా వంటివాడు తెలుసుకోవడం ఎలా? నంబర్ల క్రమంలోనే షీటు మీద అమర్చేవారా?

లెక్కల మాస్టారు

నంబర్ల క్రమంలో అమర్చేవారు కారు. 581 పక్కన 582 ఉంటుందని అనుకోకండి. కత్తిరించని షీట్లు అప్పుడప్పుడు వేలాలకు వస్తాయి, వేలం సంస్థల పాత జాబితాలలో వాటి బొమ్మలు పెద్దవిగా చూడవచ్చు. షీటు దొరకని చోట వంకరగా కోసిన కార్డులు సాక్ష్యం చెబుతాయి. కోత పక్కకు జరిగినప్పుడు పొరుగు కార్డు అంచు సన్నని పట్టీగా కనిపిస్తుంది. ఆ పట్టీలోని రంగును, జట్టు పేరులోని అక్షరం ముక్కను బట్టి అది ఏ కార్డో గుర్తించవచ్చు. ఎవరూ కొనని ఇటువంటి కార్డులను పోగుచేసి, కొందరు ఓపికపరులు వరసలకు వరసలే తిరిగి నిర్మించారు. సమయం ఉంటే ఆన్‌లైన్ అమ్మకాలలో వంకర కోత కార్డుల ఫోటోలు చూడండి, అది ఖర్చు లేని చదువు.

ఒహాయో పాతకాపు సమాధానం

మాస్టారు గారు అచ్చు సంగతి చెప్పారు కనుక నేను పాప్ రిపోర్ట్ సంగతి చెబుతాను. ఆ నివేదిక ప్రపంచంలో ఎన్ని కార్డులు ఉన్నాయో చెప్పదు, ఎన్నిసార్లు రుసుము కట్టి గ్రేడింగ్‌కు పంపారో మాత్రమే చెబుతుంది. సీవర్ తొలి కార్డు మూలలు అరిగి, మధ్యలో మడత పడి ఉన్నా యజమాని దానిని పంపుతాడు. అసలైనదని ధ్రువీకరిస్తే చాలు, విలువ పెరుగుతుంది. మామూలు పిచర్ కార్డును అటువంటి స్థితిలో ఎవరూ పంపరు, ఎందుకంటే గ్రేడింగ్ రుసుమే కార్డు ఖరీదును మించిపోతుంది. పైగా మంచి గ్రేడు కోసం ఒకే కార్డును, గ్రేడు వేసి మూసిన ప్లాస్టిక్ పెట్టె పగలగొట్టి, మళ్లీ మళ్లీ పంపేవారున్నారు. ఖరీదైన కార్డుల సంఖ్య ఈ విధంగా కూడా ఉబ్బుతుంది. అందుచేత సీవర్‌ను, పిచర్‌ను పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు. పాప్ రిపోర్ట్‌ను వాడుకోవాలంటే ఒకే సిరీస్‌లోని ఇద్దరు అనామకులను, ఒకే గ్రేడు దగ్గర పోల్చాలి. అప్పుడు కూడా స్వల్ప తేడాలను పట్టించుకోకూడదు. వరస మొత్తం ఒకే దిశలో తేడా చూపితే తప్ప నేను నమ్మను.

నేను వాడే పద్ధతి మరొకటి ఉంది. గ్రేడింగ్ లేని కార్డులు ఆన్‌లైన్‌లో ఎన్ని అమ్ముడయ్యాయో కొన్ని నెలల పాటు లెక్కిస్తాను. అందులోనూ తారలను, జట్టు కార్డులను వదిలేసి కామన్ కార్డులనే తీసుకుంటాను. ఇంతకంటే మేలైన సాక్ష్యం, ఒకే ఇంటి నుంచి, వ్యాపారుల చెయ్యి పడకుండా బయటికి వచ్చిన పాత పోగు. అందులో ఏ కార్డుకు ఎన్ని నకళ్లు ఉన్నాయో చూస్తే, 1967 వేసవి చివరలో ఆ ఊరి దుకాణానికి ఏమి చేరిందో కొంతవరకు తెలుస్తుంది. ఒక్క పోగును చూసి తీర్పు చెప్పకూడదు గాని, అనేక పోగులు ఒకే మాట చెబితే కార్డుల ధరల కాటలాగు మాట కంటే దానికే నేను విలువ ఇస్తాను. కాటలాగులలోని ‘ఎస్పీ’ (షార్ట్ ప్రింట్), ‘డీపీ’ (డబుల్ ప్రింట్, అంటే రెట్టింపుగా అచ్చయినది) గుర్తులు చాలావరకు పాత వ్యాపారుల అనుభవం మీద పెట్టినవి. రాడ్ కర్యూ తొలి కార్డు, 569వ నంబరు, డబుల్ ప్రింట్ అన్నటువంటి గుర్తులు నిలబడ్డాయి. కొన్ని మాత్రం ఒకరిని చూసి ఒకరు దింపుకున్నవే.

ఇక గిరాకీ మాట. 604వ నంబరు బోస్టన్ రెడ్ సాక్స్ జట్టు కార్డునే తీసుకోండి. 1966లో తొమ్మిదో స్థానంలో నిలిచిన ఆ జట్టు 1967లో ఎవరూ ఊహించని విధంగా అమెరికన్ లీగ్ విజేత అయింది. ఆ ఏడాది జ్ఞాపకం కోసం, సెట్ కట్టే ఉద్దేశం లేని బోస్టన్ వాళ్లు కూడా ఈ ఒక్క కార్డును కొంటారు. మా క్లీవ్‌లాండ్ ప్రాంతంలో 580వ నంబరు రాకీ కొలవిటో సంగతీ అంతే. 1960లో ఆయనను డెట్రాయిట్‌కు ఇచ్చివేసినందుకు ఇక్కడి పెద్దలు ఇప్పటికీ జట్టు యాజమాన్యాన్ని తిట్టుకుంటారు. ఆయన కార్డు ధరలో అచ్చు కొరత ఎంత, ఈ ఊరి అభిమానం ఎంత అని విడదీయడం నా వల్ల కాలేదు. మీరు చెప్పిన పిచర్‌కు ఇటువంటి ఊరుగాని కథగాని లేవు, పొరుగు కార్డులు మామూలు ధరకే దొరుకుతున్నాయంటే మూడు రెట్లు ఇవ్వవద్దు. ఒకటిన్నర రెట్ల వరకు, అదీ కార్డు చక్కగా ఉంటే, ఇవ్వవచ్చునని నా అభిప్రాయం.

కొనే వరుస విషయంలో తారలను ముందు కొనమని చాలామంది సలహా ఇస్తారు, ధర పెరుగుతుందని. నేను ఒప్పుకోను. సీవర్ కార్డు డబ్బు ఉన్న రోజున ఎప్పుడైనా దొరుకుతుంది, ఏ ప్రదర్శనకు వెళ్లినా అద్దాల పెట్టెలో ఉంటుంది. బొమ్మ మధ్యకు కుదిరి, మడత లేని అనామకుడి కార్డు మాత్రం మళ్లీ ఎప్పుడు ఎదురవుతుందో చెప్పలేము. వీలైతే చివరి సిరీస్ కార్డులు ఇరవై, ముప్పై కలిపి అమ్మే గుత్తులు వెతకండి. నకళ్లు వచ్చినా మార్పిడికి పనికివస్తాయి.

బఫెలో చలి

పై ఇద్దరితో ఏకీభవిస్తూ రెండు జాగ్రత్తలు మాత్రం చెబుతాను. సీవర్, కర్యూ కార్డులకు నకిలీలు ఉన్నాయి. గ్రేడింగ్ అక్కరలేదన్న మీ నియమాన్ని ఆ రెండింటి దగ్గర సడలించి, పీఎస్ఏ గాని, మరో గ్రేడింగ్ సంస్థ ఎస్‌జీసీ గాని పరీక్షించిన తక్కువ గ్రేడు ప్రతులు కొనండి. తరువాత పెట్టె తెరిచి ఆల్బమ్‌లో పెట్టుకోవడం మీ ఇష్టం.

రెండోది అంచుల కోత. చివరి సిరీస్ కామన్ కార్డులకు కూడా ధర పెరిగింది కనుక, అరిగిన మూలలను కోసి పదునుగా చూపించేవారు ఉన్నారు. అసలు కొలత రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల ఎత్తు. స్కేలు పెట్టి కొలవడం కంటే, అదే ఏడాదికి చెందిన చవక కార్డులు నాలుగైదు వెంట తీసుకువెళ్లి, అనుమానం ఉన్న కార్డును వాటి మధ్యలో పెట్టి అంచులు సరిచూడడం మేలు. కోసిన కార్డు లోపలికి కుంగి కనిపిస్తుంది, దాని అంచు మిగతావాటికంటే తెల్లగా, కొత్తగా ఉంటుంది. ఇలా చూస్తుంటే అమ్మేవారు ఇబ్బంది పడినట్లయితే ఆ బల్ల దగ్గర ఇంకేమీ కొనవద్దు. నా దగ్గర ఈ సిరీస్ నకళ్లు కొన్ని ఉన్నాయి; మీకు లేని నంబర్ల జాబితాను ఇక్కడే రాస్తే, సరిపోలినవాటి ముందువైపు, వెనుకవైపు ఫోటోలు పెడతాను.