కోర్డోబాలో గైడ్ కావాలా, మన కాళ్లు చాలా?

మే_ప్రయాణం
అమ్మానాన్నలతో మే నెలలో స్పెయిన్ వెళ్తున్నాం. కోర్డోబాలో ఒక్క రోజే. గైడ్‌తో వాకింగ్ టూర్ బుక్ చేద్దామని నేనంటే, "ముందే చదువుకుని వెళ్తే చాలు, డబ్బు దండగ" అంటున్నారు మా ఆయన. మీరేమంటారు?

బాటసారి
నేను మీ ఆయన పక్షమే. పాత ఊరు చిన్నది. రోమన్ వంతెన దగ్గర మొదలుపెడితే మెస్కీటా (ఒకప్పటి పెద్ద మసీదు, ఇప్పుడు కేథడ్రల్), యూదుల పేట, 1315లో కట్టిన సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం), యూదు తత్వవేత్త మైమోనిడీస్ విగ్రహం అన్నీ నడక దూరంలోనే ఉంటాయి. మేమోసారి "ఫ్రీ టూర్"లో చేరాం. పాతికమందిమి. ముందు ఎత్తిపట్టిన గొడుగు కనపడింది గానీ మాటలు సగం వినపడలేదు. చివర్లో టిప్ ఎంతివ్వాలో తెలియక టెన్షన్. మెస్కీటా లోపలికైతే తీసుకెళ్లనే లేదు. ఆదివారం తప్ప రోజూ పొద్దున 8:30 నుంచి 9:30 దాకా అక్కడ టికెట్ లేదు, గ్రూపులనూ రానివ్వరు. ఆ గంటకు వెళ్లండి.

తోరణం
బాటసారి గారూ, ఆ పొద్దుటి గంట గురించి మీరన్నది నిజం. నేనూ మొదటిసారి ఒక్కదాన్నే వెళ్లాను. 850కి పైగా స్తంభాలు, వాటి మీద ఎరుపు తెలుపు పట్టీల తోరణాలు. ఫోటోలు తీసుకుని బయటపడ్డాను, అంతా చూసేశాననే అనుకున్నాను.

రెండోసారి లైసెన్సున్న ఒక స్థానిక గైడ్‌తో వెళ్లాను. ఆవిడ ముందు పాత భాగంలో ఆపింది. 8వ శతాబ్దం చివర ముస్లిం పాలకుడు మొదటి అబ్ద్ అల్ రహ్మాన్ కట్టించిందది. స్తంభాలు పాత రోమన్ కట్టడాల నుంచి, వాళ్ల తర్వాత ఏలిన విసిగోత్‌ల కట్టడాల నుంచి తెచ్చినవి. అంత పొట్టి స్తంభాలతో పైకప్పు ఎత్తు రాదు గనక తోరణం మీద తోరణం వేశారు. ఎర్ర పట్టీ ఇటుక, తెల్లది రాయి. అక్కడి నుంచి తూర్పు వైపు తీసుకెళ్లి "ఇప్పుడు తలెత్తి చూడండి" అంది. అక్కడ ఇటుక లేదు! అంతా రాయే, ఎరుపంతా పూసిన రంగు. 10వ శతాబ్దం చివర, అప్పట్లో ఇక్కడ అధికారమంతా చేతిలో పెట్టుకున్న మంత్రి అల్ మన్సూర్ మసీదును పెంచినప్పుడు చేసిన పని అది. మొదటిసారి వాటి కిందే నడిచాను, నా కళ్లకు ఆనలేదు. ఇది పుస్తకాల్లో లేదని కాదు. సరిగ్గా ఆ తోరణం కింద నిలబెట్టి చూపించే మనిషి ఉండాలి.

గుంటూరు_నుంచి
చూపించడం సరే, ఏం చూపించకుండా వదిలేస్తారన్నదే నా బాధ. మాకు దొరికిన గైడ్ "కేథడ్రల్" తప్ప ఇంకో మాట వాడలేదు. 1236లో క్రైస్తవ రాజు మూడో ఫెర్నాండో ముస్లింల నుంచి ఊరు గెలవడంతోనే కథ మొదలు. మా తమ్ముడి గైడేమో 16వ శతాబ్దంలో మధ్య స్తంభాలు తీసేసి కట్టిన చర్చి దగ్గర ఆగనే లేదట. 2006లో అక్కడి డయోసిస్ (బిషప్ కింద ఉండే చర్చి పాలన) 30 యూరోల ఖర్చుతో ఆ కట్టడాన్ని తన పేర రిజిస్టర్ చేయించుకుంది. ఆ కట్టడం ఎవరిదన్న గొడవ ఇద్దరూ ఎత్తలేదు. మనం చెవులప్పగించి వింటాం, ఒక పక్షం కథే విన్నామని ఇంటికొచ్చాక తెలుస్తుంది.

తోరణం
అది నిజమైన ఇబ్బందే, కాదనను. అందుకే గైడ్‌ని చర్చి గంటల సంగతి అడిగి చూడండి. 997లో అల్ మన్సూర్ వాయవ్య స్పెయిన్‌లోని శాంతియాగో చర్చి గంటల్ని క్రైస్తవ బందీల భుజాల మీద కోర్డోబాకు మోయించాడంటారు. ఊరు గెలిచాక ఫెర్నాండో వాటినే ముస్లిం బందీల భుజాల మీద వెనక్కి పంపాడంటారు. మా గైడ్ రెండు సగాలూ ఒకే గొంతుతో చెప్పింది. అక్కడే నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది. ఒక సగమే చెప్పే గైడయితే మీకక్కడే తెలిసిపోతుంది.

బాటసారి
గంటల కథ నాకు తెలియదు. కానీ మే మొదట్లో పాటియోల (పూలతో అలంకరించిన ఇంటి లోపలి ముంగిళ్ల) పండగ ఉంటుంది, ఊరంతా కిటకిట. గ్రూపు చిన్నదైతేనే చేరండి.

మే_ప్రయాణం
నాన్నకు మోకాళ్ల నొప్పులు, వీధులు గులకరాళ్లవి. కాబట్టి 8:30కి మేం నలుగురమే వెళ్తాం. కాఫీ తాగాక టికెట్ కొని, మా నలుగురికే గైడ్‌ని పెట్టుకుని మళ్లీ లోపలికి. మా ఆయన ఒప్పుకున్నారు, గంటల సంగతి తనే అడుగుతారట.