నాయనమ్మకి చేసింది మెడిసిన్ అప్లికేషన్‌లో రాయాలా, గుంటూరు ఆస్పత్రి రాయాలా?

లెస్టర్ అమ్మ:
మేం ఉండేది యూకేలో. మా అమ్మాయి ఇయర్ 13 (స్కూల్లో ఆఖరి ఏడాది), మెడిసిన్‌కి అప్లై చేస్తోంది. యూకాస్ (ఇక్కడ యూనివర్సిటీలకి అప్లై చేసేది దీని ద్వారానే) గడువు అక్టోబర్ 15 సాయంత్రం ఆరు, స్కూల్ వాళ్లు అంతకంటే ముందే ఇచ్చేయమంటున్నారు. మెడిసిన్ ఎంట్రెన్స్ యూక్యాట్ అయిపోయింది, స్కోరు పర్వాలేదు. చిక్కంతా పర్సనల్ స్టేట్‌మెంట్ దగ్గరే. 2026 ప్రవేశాల నుంచి ఒకే వ్యాసం తీసేసి మూడు ప్రశ్నలు పెట్టారు కదా. మూడోది, చదువు కాకుండా బయట ఏం చేశావు, అది ఎందుకు ఉపయోగం అని.

మా అత్తగారికి స్ట్రోక్ వచ్చింది, తర్వాత మతిమరుపు మొదలైంది. నేను, మావారు ఇద్దరం షిఫ్టుల్లో చేస్తాం. సాయంత్రాలు పిల్లే చూసుకుంటుంది. నీళ్లు చిక్కబడేలా థికెనర్ పొడి కలిపి తాగించడం, మందులు, బాత్రూమ్, ఆస్పత్రికి వెళ్తే డాక్టర్ చెప్పింది తెలుగులో చెప్పడం, అన్నీ. ఇది కాక శనివారాలు ఛారిటీ షాపులో పని. పోయిన వేసవిలో గుంటూరులో మా బంధువుల నర్సింగ్ హోమ్‌లో రెండు వారాలు ఉంది. స్కూల్లో టీచర్ నాయనమ్మ గురించే రాయమంటున్నారు. మావారు ఇంటి సంగతి వద్దు, గుంటూరే ముందు పెట్టమంటున్నారు. పిల్లల్ని ఈ దారిలో పంపినవాళ్లు చెప్పండి.

పాత బ్యాచ్:
మీవారి మాటే సరైంది. నేనిక్కడ కన్సల్టెంట్‌ని. పెద్దవాళ్లకి మందులివ్వడం ప్రతి ఇంట్లో ఉండేదే, దాన్ని అనుభవం అంటే ఎలా? పైగా ఎవరు సంతకం పెడతారు? గుంటూరైతే లెటర్‌హెడ్ మీద సర్టిఫికెట్ వస్తుంది. ఓపీ, వార్డు రౌండ్లు, ఒకటో రెండో సిజేరియన్లు చూసే ఉంటుంది. అది రాస్తే డాక్టర్ పని తెలిసిన పిల్ల అనుకుంటారు. ఇది రాస్తే ఇంటి పని తెలిసిన పిల్ల అనుకుంటారు.

రెండో ఏడాది:
నేను మెడిసిన్ సెకండ్ ఇయర్. యూకాస్‌లో సర్టిఫికెట్ పెట్టే చోటే లేదు అంకుల్. ఆస్పత్రి అనుభవమే కావాలని మెడికల్ స్కూల్స్ కౌన్సిల్ గైడెన్స్‌లోనూ లేదు. జీతానికి చేసినా ఊరికే చేసినా మనుషులతో మెలిగే పని అయితే చాలు, అందులో నువ్వేం గమనించావన్నదే ముఖ్యం అంటారు. ఆస్పత్రిలో అవకాశం దొరకనివాళ్ల కోసం రాయల్ కాలేజ్ ఆఫ్ జీపీస్ (ఫ్యామిలీ డాక్టర్ల సంఘం) వాళ్లు 'అబ్జర్వ్ జీపీ' అని వీడియోలు ఉచితంగా పెట్టారు, 16 దాటితే చూడొచ్చు.

సిజేరియన్ మాత్రం రాయొద్దు ఆంటీ. 'నువ్వక్కడ ఉండటానికి ఆ పేషెంట్ ఒప్పుకుందా? నిన్ను ఎవరని చెప్పారు?' అని ఇంటర్వ్యూలో అడిగితే పాపం ఏం చెబుతుంది?

పాత బ్యాచ్:
పెట్టే చోటు లేకపోయినా చేతిలో ఉండాలి. రేపు ఆఫర్ ఇచ్చే ముందు ఎవరినైనా కనుక్కుంటామంటే? నాయనమ్మ ఫోన్ నంబరు ఇస్తారా?

ఖాళీల లెక్క:
స్టేట్‌మెంట్‌కి ఇచ్చే 4000 అక్షరాల్లో స్పేస్‌లు కూడా కలిపేనా?

రెండో ఏడాది:
కలిపే. మూడు జవాబులకీ కలిపి 4000, ఒక్కోదానికి కనీసం 350.

నైట్ షిఫ్ట్:
నేను నెల్లూరులో నర్సింగ్ చదివి ఇక్కడ కేర్ హోమ్‌లో సీనియర్ కేరర్‌గా చేస్తున్నాను. ఏటా వేసవిలో డాక్టర్ల పిల్లలు మా దగ్గరికి వాలంటీర్లుగా దిగుతారు. పాత నేరాలేమైనా ఉన్నాయా అని చూసే డీబీఎస్ చెక్ అయ్యేలోపే సగం మందికి ఓపిక అయిపోతుంది. మిగిలినవాళ్లు లాంజ్‌లో కూర్చుని పెద్దవాళ్లతో బింగో ఆడతారు. ప్యాడ్ మార్చే వేళకి అందరికీ ఫోన్లొస్తాయి. వెళ్లేటప్పుడు గంటల కాగితం మీద సంతకం మాత్రం మర్చిపోరు. కావాలంటే ఆ సంతకాలు నేనే పెడతాను డాక్టర్ గారూ, మీ అందరి పిల్లలకీ.

ఈ పిల్ల థికెనర్ కలుపుతోందంటే, పల్చటి నీళ్లు పొరమారి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏమవుతుందో తెలిసి కలుపుతోంది. అది ఇంటి పనా?

పాత బ్యాచ్:
థికెనర్ స్పీచ్ థెరపిస్ట్ రాసిన లెవెల్ ప్రకారం కలపాలి. ఆ అమ్మాయికి లెవెల్ తెలుసా అసలు?

లెస్టర్ అమ్మ:
లెవెల్ 2 అండి. ఎన్ని స్పూన్లో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించింది, మేము తప్పు కలపకుండా.

పాత బ్యాచ్:
సరే. వారానికి ఎన్ని గంటలో చెప్పండి. లెక్క లేకుండా ఏదీ నిలబడదు.

వీసా డౌట్స్:
టాపిక్ కాదనుకోండి, మీ అత్తగారు ఇక్కడే ఎలా ఉండగలుగుతున్నారు? మా అమ్మకి విజిటర్ వీసా మీద 6 నెలలు దాటనివ్వడం లేదు.

లెస్టర్ అమ్మ:
2010లో వచ్చారండి, మామగారు పోయాక. అప్పటి రూల్స్ వేరు, 2012 జులైలో మార్చేశారు.

జీపీ వదిన:
లెస్టర్ అమ్మ గారూ, ఒకటి అడగనా? డాక్టర్ చెప్పింది పాపే తెలుగులో చెబుతుందన్నారు. మెమరీ క్లినిక్‌లో కూడానా?

లెస్టర్ అమ్మ:
అవునండి. అత్తగారికి కాస్తో కూస్తో ఇంగ్లీషు వచ్చేది, స్ట్రోక్ తర్వాత పోయింది. డిమెన్షియా అని చెప్పిన రోజు నాకు సెలవు దొరకలేదు. పాప, మావారు వెళ్లారు. మావారు మాట్లాడలేకపోయారట, పాపే చెప్పింది.

రెండో ఏడాది:
ఆంటీ, రాయాల్సింది అదే! ఆ మాట నాయనమ్మకి ఎలా చెప్పింది, ఏది అప్పుడే చెప్పకుండా ఆపింది, ఎందుకు ఆపింది. కొన్ని యూనివర్సిటీలు స్టేట్‌మెంట్‌కి మార్కులు వేయకపోయినా ఇంటర్వ్యూలో దాన్ని పట్టుకునే అడుగుతాయి. చెడు వార్త చెప్పడం మీద ఎంఎంఐలో (ఒక్కో స్టేషన్‌లో ఒక్కో చిన్న ఇంటర్వ్యూ ఉంటుంది) స్టేషన్ రావడం మామూలే. గుంటూరులో ఏడాది కూర్చున్నా ఈ పేరా రాదు.

జీపీ వదిన:
పేరా సంగతి తర్వాత. 17 ఏళ్ల పిల్ల చేత ఆ మాట చెప్పించడమే తప్పు. ఇంటర్‌ప్రెటర్ కావాలని ముందే చెబితే ఎన్‌హెచ్‌ఎస్ వాళ్లే ఏర్పాటు చేయాలి, మనిషి దొరక్కపోతే ఫోన్‌లోనైనా.

పాత బ్యాచ్:
ఇప్పుడు బయటపడింది అసలు రంగు. ముసలావిడ జబ్బు మీకు 'పేరా' అయింది. ఆవిడ మతిపోయిన సంగతి నలుగురు కొత్తవాళ్ల ముందు చదివి మార్కులు వేయించుకోవాలి! మా రోజుల్లో ఎంసెట్ ర్యాంకు వచ్చింది, సీటిచ్చారు. నా గుండె ఎంత మెత్తనో ఎవరూ అడగలేదు. అయినా ముప్పై ఏళ్లుగా రోగుల్ని చూస్తూనే ఉన్నాను. ఇక్కడ మావాడికి నాలుగు చోట్లా రిజెక్షన్. గ్రేడ్లున్నాయి, ఇండియాలో ఆస్పత్రి ఉంది, నా డిపార్ట్‌మెంట్‌లో వారం ఉన్నాడు. ఎవరో కన్నీళ్ల కథ రాసినవాడికి సీటు పోయింది.

నైట్ షిఫ్ట్:
అంటే ఆస్పత్రి రాసినా రాలేదన్నమాట. మరి ఇందాకటి నుంచి ఆవిడకి అదే ఎందుకు రాయమంటున్నారు?

రెండో ఏడాది:
అంకుల్, యూక్యాట్‌లో సిట్యుయేషనల్ జడ్జ్‌మెంట్ ఏ బ్యాండ్ వచ్చింది?

పాత బ్యాచ్:
4. దానికీ దీనికీ సంబంధం ఏంటి?

రెండో ఏడాది:
బ్యాండ్ 4 అంటే అన్నిటికంటే కింది బ్యాండ్. అది వస్తే కొన్ని చోట్ల మిగతాది చూడనే చూడరు. కథలు రాసినవాళ్ల తప్పు కాదది.

నైట్ షిఫ్ట్:
సిట్యుయేషనల్ అంటే మనుషులతో ఎలా నడుచుకోవాలన్న పరీక్షేగా? 😀

పాత బ్యాచ్:
నా కొడుకు గురించి మీరు మాట్లాడక్కర్లేదు. ప్యాడ్లు మార్చినంత మాత్రాన డాక్టర్లు అయిపోరు. అయ్యేదుంటే మీరు ఎప్పుడో అయ్యేవారు.

అడ్మిన్:
ఇద్దరూ కాస్త తగ్గండి. ఇంకో మాట ఇలా వస్తే థ్రెడ్ మూసేస్తాను.

నైట్ షిఫ్ట్:
మూసేయండి, కానీ ఇది చదివాక. మాతో పనిచేసే అమ్మాయిల్లో 2024 మార్చి తర్వాత కేరర్ వీసా మీద వచ్చినవాళ్లకి పిల్లల్ని తెచ్చుకునే వీలు కూడా లేదు. సొంత పిల్లల్ని అక్కడ వదిలి మీ అమ్మలకి ఇక్కడ అన్నం తినిపిస్తున్నారు. ఆ పనికి విలువ లేదని ఒక డాక్టర్ అంటే నాకు కోపం రాదా?

పాత బ్యాచ్:
విలువ లేదని ఎక్కడన్నాను? మా నాన్నకి పార్కిన్సన్స్. చివరి రోజుల్లో స్నానం, అన్నం, బట్టలు అన్నీ మా ఆవిడే చూసింది. మావాడు అదే ఇంట్లో గేమ్స్ ఆడుకుంటూ ఉన్నాడు. స్టేట్‌మెంట్‌లో 'తాతగారికి సేవ' అని రాసుకొచ్చాడు. నేనే కొట్టేయించాను. చేసింది వాడు కాదు. చేసిన మనిషికి ఏ యూనివర్సిటీ సీటివ్వలేదు, కనీసం ఎవరూ మెచ్చుకోలేదు. ఇంట్లో ఆడవాళ్లు చేసే చాకిరీని పిల్లలు తమ పేరున రాసుకోవడం చూడలేకే గంటలెన్ని, సంతకం ఎవరిది అని అడుగుతున్నాను. అర్థం చేసుకుంటే చేసుకోండి.

నైట్ షిఫ్ట్:
అది మీ ఇంటి కథ. ఇక్కడ చేసింది ఆ పిల్లే కదా. మీ అబ్బాయి మీద కోపం ఈ అమ్మాయి మీద చూపిస్తే ఎలా?

వీసా డౌట్స్:
డాక్టర్ గారు చెప్పిందాంట్లో పాయింట్ ఉంది. నేను చదివిన నాలుగైదు స్టేట్‌మెంట్లలో నాలుగైదింట్లోనూ అమ్మమ్మకి జబ్బే.

జీపీ వదిన:
మీ ఇద్దరి గొడవలో నాకొకటి అర్థం కావడం లేదు. ఎ-లెవెల్స్ (మన ఇంటర్ లాంటిది) చదివే పిల్ల మీద ఈ పనంతా ఎందుకుంది? నా క్లినిక్‌కి ఇలాంటి పిల్లలు వస్తుంటారు. వాళ్లని యంగ్ కేరర్ అంటారు. 18 లోపు పిల్ల ఇలా చూసుకుంటుంటే మన ఊరి కౌన్సిల్ (మున్సిపాలిటీ లాంటిది) వాళ్లు వచ్చి ఏ సాయం కావాలో అసెస్‌మెంట్ చేయాలని 2014 నాటి చట్టమే ఉంది. ఫుల్‌టైమ్ చదువులో ఉంది కాబట్టి చూసుకునేవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే కేరర్స్ అలవెన్స్ పాపకి రాదు. సాయం అవసరమైన పెద్దవాళ్లకి ఇచ్చే అటెండెన్స్ అలవెన్స్‌కైనా అత్తగారి పేరున పెట్టారా? కౌన్సిల్ నుంచి కేరర్లు వస్తున్నారా?

లెస్టర్ అమ్మ:
పెట్టలేదండి. స్ట్రోక్ వచ్చి డిశ్చార్జ్ చేసేటప్పుడు కేరర్లను పంపుతామన్నారు. బయటివాళ్లు వచ్చి అమ్మని ముట్టుకోవడం ఇష్టం లేదని మావారు వద్దన్నారు. ఇన్ని అడిగారు కాబట్టి చెబుతున్నాను, ఇంటి సంగతి రాయొద్దని ఆయన అనేది సర్టిఫికెట్ కోసం కాదు. అది చదివి స్కూల్ వాళ్లు సోషల్ సర్వీసెస్‌కి ఫోన్ చేస్తారేమో, చిన్నపిల్ల చేత చాకిరీ చేయిస్తున్నారని మా మీదికి వస్తారేమో అని. ఆయనకి రాత్రుళ్లు నిద్ర లేదు ఈ టెన్షన్‌తో.

నైట్ షిఫ్ట్:
బయటివాళ్లు ముట్టుకోకూడదా? నేను రోజూ ముట్టుకునేది ఎవరి అమ్మలనో మరి. పోనీ ఆయన ముట్టుకుంటున్నారా? కూతురు చేత చేయిస్తున్నారు. ఈ మాటకి థ్రెడ్ మూసినా సరే.

పాత బ్యాచ్:
ఈ ఒక్కసారికి నైట్ షిఫ్ట్ గారితో ఏకీభవిస్తున్నాను. ఈ సంగతి మొదటి పోస్టులోనే రాసుంటే ఇంత దూరం వచ్చేది కాదు.

జీపీ వదిన:
ఆయన భయం నాకు తెలుసు, మనవాళ్లలో చాలామందికి ఉంది. సాయం అడిగినంత మాత్రాన పిల్లని తీసుకుపోరు. అసెస్‌మెంట్ అంటే పాప మీది భారం ఎలా తగ్గించాలో చూడటానికే. రెండు పూటలా కేరర్లు వస్తే పాప సాయంత్రం చదువుకుంటుంది. ముందు మీ జీపీకి ఫోన్ చేసి, ఈ ఇంట్లో యంగ్ కేరర్ ఉందని రికార్డులో రాయించండి.

అప్లికేషన్ మాటకొస్తే, అంతా స్టేట్‌మెంట్‌లోనే కుక్కక్కర్లేదు. కుటుంబంలో ఎవరినైనా చూసుకునే బాధ్యత ఉందా అని 2023 ప్రవేశాల నుంచి యూకాస్ ఫారంలోనే అడుగుతున్నారు. స్కూల్ వాళ్లు రాసే రిఫరెన్స్‌లో కూడా చదువు మీద ప్రభావం చూపిన పరిస్థితుల గురించి విడిగా ఒక భాగం ఉంటుంది. ఇంటి బరువు టీచర్ అక్కడ రాస్తే పాప తన మాటలకి స్టేట్‌మెంట్‌ని ఉంచుకోవచ్చు. ఇంకొకటి, రాసే ముందు అత్తగారిని అడగమనండి. తేరుకున్న వేళ చూసి అడిగితే చెబుతారు.

పాత బ్యాచ్:
రిఫరెన్స్‌లో టీచర్ రాస్తారంటే సరే, అది సంతకం లాంటిదే. మరి గంటలు?

రెండో ఏడాది:
అంకుల్, గంటలు అడిగే బాక్స్ లేదు!

లెస్టర్ అమ్మ:
థ్రెడ్ మావారికి చూపించాను. నైట్ షిఫ్ట్ గారి మాటకి చాలాసేపు ఏమీ అనలేదు. కౌన్సిల్ వద్దనే అంటున్నారు ఇంకా, జీపీకి ఫోన్ చేయడానికి మాత్రం ఒప్పుకున్నారు. పాప కూడా చదివింది. క్లినిక్ రోజు గురించి రాస్తుందట, నాయనమ్మ సరేనందట. బాత్రూమ్ సంగతులు మాత్రం రాయనంటోంది. గుంటూరుకి ఒక్క వాక్యం.

పాత బ్యాచ్:
బాత్రూమ్ వదిలేయడం మంచి పని. గుంటూరుకి రెండు వాక్యాలైనా ఇవ్వమనండి.

నైట్ షిఫ్ట్:
అది పాప ఇష్టం, రాసినా రాయకపోయినా. మీకెందుకు మంచి పని అయిందో నాకు తెలుసు డాక్టర్ గారూ. డ్యూటీకి టైమ్ అయింది, రేపు వచ్చి చెబుతాను.