సండే స్కూల్లో తప్పు చేసిన పిల్లాడిని అందరి ముందు నిలబెట్టి ఒప్పించడం సరైనదేనా?

చిన్నోడి అమ్మ, మంగళగిరి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ వందనాలు. మా చిన్నోడికి తొమ్మిదేళ్లు. సండే స్కూల్లో పిల్లలు పేద పిల్లల నోటు పుస్తకాల కోసం ఒక రేకు డబ్బాలో చిల్లర వేస్తారు. ఆ వారం డబ్బా మోసే వంతు మావాడిది. అందులోంచి 50 రూపాయల నోటు తీసి చిప్స్, కూల్ డ్రింకు కొనుక్కున్నాడు. ఇంకో పిల్లాడు చూసి చెప్పేశాడు.

టీచరమ్మ వాడిని నలభై మంది ముందు నిలబెట్టి "నేను దొంగతనం చేశాను, ప్రభువా నన్ను క్షమించు" అని మూడుసార్లు చెప్పించారు. తర్వాత దేవుడు క్షమించాడని అందరి చేతా చప్పట్లు కొట్టించారు. ఆవిడ మంచి మనిషే, ఆవిడ మీద కోపంతో రాయడం లేదు. వాడు మాత్రం ఇంటికొచ్చి సాయంత్రం దాకా అన్నం ముట్టలేదు. రాత్రి పడుకోబోతూ నా చెవిలో అడిగాడు: "అమ్మా, దేవుడు క్షమించేశాడుగా, ఇంక ఆ 50 ఇవ్వక్కర్లేదు కదా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా ఆయన టీచరు చేసింది కరెక్టే అంటారు. మీరేమంటారు?

ఇరవై రెండేళ్ల టీచర్, ఏలూరు

మీ ఆయన చెప్పిందే నిజం సిస్టర్. "మీ పాపములను ఒకనితో నొకడు ఒప్పుకొనుడి" అని యాకోబు 5:16లో ఉంది. యెరికో కొల్లసొమ్ములోంచి దొంగిలించిన ఆకాను సంగతి ఇశ్రాయేలు మొత్తానికి తెలిసింది. సిగ్గు అనేది దేవుడు పెట్టిన కంచె. ఒక్కసారి అందరి ముందు ఏడ్చినవాడు జన్మలో ఇంకొకరి డబ్బా ముట్టడు. ఇప్పటి తల్లిదండ్రులు పిల్లల్ని ఏమీ అననివ్వరు, తర్వాత చేయి దాటిపోయాక ప్రార్థన చేయమని మా దగ్గరికే వస్తారు.

పాస్టరు గారబ్బాయి, ప్రస్తుతం హైదరాబాద్

అమ్మా, "ఒకనితో నొకడు" అంటే ఇద్దరూ ఒప్పుకోవాలి కదా. ఆ రోజు నలభై మందిలో ఇంకెవరైనా తమ తప్పు చెప్పారా? టీచరు గారు చెప్పారా? ఒక్కడే చెప్పి, ముప్పై తొమ్మిది మంది చూస్తూ ఉంటే దాన్ని ఒప్పుకోలు అనరు, పంచాయితీ అంటారు.

ఇంకో మాట. నాకు పదకొండేళ్లప్పుడు అర్ధ సంవత్సర పరీక్షల్లో లెక్కల్లో 28 వచ్చాయి. శుక్రవారం ఉపవాస కూడికలో మా నాన్నగారు నన్ను ముందు మోకాళ్లూనించి, "సోమరితనమనే పాపం" ఒప్పుకోమన్నారు. కింద ఈత చాప. లేచాక మోకాళ్ల మీద చాప అల్లిక అచ్చు పడి ఉంది, గీత గీతగా. ఒక పెద్దావిడ దాన్ని చీర కొంగుతో రుద్దింది. ఆ కూడికలో ఎవరేం ప్రార్థించారో ఒక్క ముక్క గుర్తు లేదు, ఆ కొంగు గుర్తుంది. ఫెయిలవడం వేరు, పాపం చేయడం వేరు. ఈ రెంటినీ ఒకే మోకాళ్ల మీద నిలబెడితే, పిల్లాడికి మార్కులు తగ్గిన ప్రతిసారీ దేవుడి ముఖం కోపంగానే కనిపిస్తుంది. నాకు డిగ్రీ అయ్యేదాకా అలాగే కనిపించింది.

వెనక బెంచీ, గుంటూరు

టీచర్ గారూ, ఆకాను దాకా ఎందుకండీ, మత్తయి 18:15 చూడండి. సహోదరుడు తప్పు చేస్తే "నీవును అతడును ఒంటరిగానున్నప్పుడు" గద్దించమన్నారు. వినకపోతే ఒకరిద్దరిని తీసుకెళ్లాలి. అప్పటికీ వినకపోతేనే సంఘానికి చెప్పాలి. తొమ్మిదేళ్లవాడి దగ్గర మనం చివరి మెట్టు నుంచి మొదలుపెట్టాం.

నేను పిల్లలకు ఈ పాఠం చెప్పాల్సి వస్తే పేతురు, యూదా కథలు పక్కపక్కనే పెట్టి చెబుతాను. ఇద్దరూ యేసు శిష్యులే, ఇద్దరూ ఒకే రాత్రి పడిపోయారు. కోడి కూసేలోపు పేతురు ఆయనెవరో తెలియదని మూడుసార్లు బొంకాడు, యూదా ముప్పై వెండి నాణేలకు ఆయన్ని పట్టించాడు. ఇద్దరూ బాధపడ్డారు. పేతురు "వెలుపలికి పోయి సంతాపపడి యేడ్చెను". యూదా గురించి మత్తయి 27:3 ఏమంటుంది? "పశ్చాత్తాపపడి" అంటుంది. ఈ ఇద్దరిలో మన తెలుగు బైబిల్లో ఆ మాట యూదాకే వాడారు, చాలామంది గమనించరు. పైగా అతను డబ్బు కూడా వెనక్కి తెచ్చాడు, ముప్పై నాణేలూ. మన చిన్నోడికి లేని బుద్ధి యూదాకుంది అనుకోవచ్చు!

చివరికి యూదా ఉరి పెట్టుకున్నాడు, పేతురు నిలబడ్డాడు. మరి తేడా ఎక్కడొచ్చింది? ఎవరి దగ్గరికి వెళ్లాడు అన్నదాంట్లో. "నేను పాపము చేసితిని" అని ప్రధాన యాజకుల దగ్గర ఒప్పుకున్నాడు. జనం పాపాల కోసం గుడిలో బలులు అర్పించడమే వాళ్ల పని. వాళ్లన్న మాట: "దానితో మాకేమి? నీవే చూచుకొనుము." పేతురు మాత్రం మూడో రోజుకి శిష్యుల మధ్యే ఉన్నాడు. మార్కు 16:7లో, యేసు లేచాడని సమాధి దగ్గర చెప్పిన కబురు "ఆయన శిష్యులతోను పేతురుతోను" చెప్పమని. పేరు పెట్టి మరీ పిలిపించారు.

అందుకే నా ప్రశ్న పిల్లాడి గురించి కాదు, పెద్దల గురించి. వాడు ఒప్పుకున్నాక మనం ప్రధాన యాజకులమా, సమాధి దగ్గర కబురు చెప్పినవాళ్లమా? చప్పట్లు కొట్టి ఇంటికి పంపేయడం కూడా ఒకరకంగా "నీవే చూచుకొనుము" అన్నట్టే.

గ్రీకు నేర్చుకుంటున్న తమ్ముడు

అన్నా, చిన్న సవరణ. యూదాకు వాడిన గ్రీకు మాట వేరు, అపొస్తలుల కార్యములు 2:38లో "మారుమనస్సు" అని తెలుగు చేసిన మాట వేరు, అది నిజమే. కానీ యూదాకు వాడిన మాటనే మత్తయి 21లో మంచివాడికీ వాడారు. ఇద్దరు కొడుకుల ఉపమానంలో మొదట "పోను" అని, తర్వాత ద్రాక్షతోటకు వెళ్లిన కొడుకుకి. కాబట్టి మాటను పట్టుకుని యూదాది దొంగ ఏడుపు అని తీర్పు చెప్పలేం.

వెనక బెంచీ, గుంటూరు

కరెక్టే తమ్ముడూ, నేను చెప్పేదీ అదే. ఏడుపు నిజమైనదే. ఏడ్చినప్పుడు పక్కన ఎవరూ లేరు.

ఇంటర్ లెక్చరర్, వరంగల్

బెంచీ గారూ, మీ వ్యాఖ్యానం బాగుంది, కానీ తొమ్మిదేళ్లవాడికి యూదా కథ చివరిదాకా చెబుతారా? మా దగ్గర ఏటా ఇంటర్ ఫలితాల రోజు ఎలా ఉంటుందో మీకు తెలుసు. 2019లో తెలంగాణలో ఫలితాల గందరగోళం తర్వాత ఎంతమంది పిల్లల్ని పోగొట్టుకున్నామో రాష్ట్రమంతా చూసింది. ఓడిపోయాక ఒకడు ప్రాణం తీసుకున్నాడు, ఒకడు తీసుకోలేదు అని పక్కపక్కన పెడితే, పిల్లల మనసులో అది రెండు దారుల్లా కూర్చుంటుంది. రెండోది కూడా ఒక దారే అన్నట్టు. పదమూడు, పద్నాలుగేళ్లు వచ్చేదాకా పేతురు కథ ఒక్కటే చాలు.

వెనక బెంచీ, గుంటూరు

ఒప్పుకుంటున్నానండీ. నేను పెద్ద క్లాసు పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాశాను. చిన్నవాళ్లకైతే యోహాను 21 చెబుతాను. యోహాను సువార్తలో బొగ్గుల మంట రెండుచోట్లే కనిపిస్తుంది. పేతురు "నేను కాను" అన్నప్పుడు చలి కాచుకున్న మంట, ఒడ్డున యేసు చేపలు కాల్చిన మంట. అదే వాసన, అదే మనిషి. కానీ ముందు "రండి భోజనము చేయుడి" అన్నారు. తిన్నాకే మాట. "ఎందుకు అబద్ధమాడావు" అని ఒక్కసారీ అడగలేదు. "నన్ను ప్రేమించుచున్నావా" అని మూడుసార్లు అడిగి, మూడుసార్లూ పని అప్పగించారు.

ఇరవై రెండేళ్ల టీచర్, ఏలూరు

చూశారా, అక్కడ ఇంకో ఆరుగురు శిష్యులున్నారు! మూడుసార్లు అందరి ముందే అడిగారు, పేతురు నొచ్చుకున్నాడని కూడా రాసి ఉంది. మంగళగిరి టీచరు కూడా మూడుసార్లే చెప్పించింది.

పాస్టరు గారబ్బాయి

టీచర్ గారూ, ఈ పాయింటు మీదే, బాగా పట్టుకున్నారు. 😀 కానీ ఆ రాత్రి గెత్సేమనే తోటలో యేసును పట్టుకున్నప్పుడు "శిష్యులందరు ఆయనను విడిచి పారిపోయిరి". ఒడ్డున కూర్చున్నవాళ్లలో పేతురు వైపు వేలు చూపించే అర్హత ఎవరికీ లేదు.

ఆర్.సి.ఎం. అక్క, విజయవాడ

మా వైపు నుంచి ఒక మాట. మా పిల్లలు ఏడెనిమిదేళ్లకే పాపసంకీర్తనం, అంటే ఫాదర్ గారి దగ్గర ఒంటరిగా పాపాలు ఒప్పుకోవడం నేర్చుకుంటారు, మొదటి దివ్యసత్ప్రసాదానికి (ప్రభు భోజనానికి) ముందు. పిల్లల్ని ఆ వయసుకే అనుమతించాలని పదవ భక్తినాథ (పయస్) పోపు 1910లో తేల్చారు. అక్కడ విన్నది ఫాదర్ గారు ఎవరికీ చెప్పకూడదు, తల్లికి కూడా. మా అబ్బాయి మొదటిసారి బయటికొచ్చి "ఏం చెప్పావురా" అంటే "అది రహస్యం" అని ఛాతీ విరుచుకుని నడిచాడు. వాడికి దక్కిన మొదటి గౌరవం అదేనేమో అనిపించింది.

ఇరవై రెండేళ్ల టీచర్, ఏలూరు

గౌరవం సరే. మూడు జపాలు చెప్పి వచ్చేస్తే మరుసటి వారం మళ్లీ అదే తప్పు చేయరా?

ఆర్.సి.ఎం. అక్క, విజయవాడ

చేస్తారు. చప్పట్లు కొట్టించుకున్నవాళ్లు చేయరా అక్కా?

పేరు చెప్పను

ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోతున్నాను, ఇవాళ రాస్తున్నాను. అందరూ పిల్లలు క్షమాపణ అడగడం గురించే మాట్లాడుతున్నారు. పిల్లలు క్షమించడం సంగతేంటి? నాకు పన్నెండేళ్లప్పుడు సంఘంలో ఒక పెద్దమనిషి నాతో చేయకూడని పని చేశాడు. అమ్మతో చెప్పాను. ఇద్దరు పెద్దలు ఇంటికొచ్చారు. "మీరు మనుష్యుల అపరాధములను క్షమింపక పోయినయెడల మీ తండ్రియు మీ అపరాధములను క్షమింపడు" అనే వాక్యం నా చేత చదివించారు. అతనికి కరచాలనం ఇప్పించారు. అతని అరచేయి చెమటగా ఉంది. ఆ తర్వాత ఆదివారం కానుక సంచి పట్టుకుని అతనే నా వరసలోకి వచ్చాడు.

ఇప్పుడైతే పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నుంచి ఉంది. పిల్లల మీద అలాంటిది జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పాల్సిందే, పాస్టరైనా సరే, సంఘ పెద్దైనా సరే. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు. క్షమించమని పిల్లలకు నేర్పే టీచర్లందరూ ముందు ఇది నేర్చుకోవాలి. నేను అతన్ని క్షమించానా లేదా అన్నది ఇక్కడ చెప్పను.

ఇరవై రెండేళ్ల టీచర్, ఏలూరు

తల్లీ, దీనికి నా దగ్గర వాదన లేదు. ఆ వాక్యం నేనూ పిల్లల చేత చాలాసార్లు చదివించాను, పలక విరగ్గొట్టిన దగ్గర, జుట్టు లాగిన దగ్గర. ఇకనుంచి చదివించేముందు ఆగుతాను.

చిన్నోడి అమ్మ, మంగళగిరి

అందరికీ థ్యాంక్స్. ఏం చేశామో చెబుతాను. మా ఆయన మోషే ధర్మశాస్త్రంలోని సంఖ్యాకాండము 5:7 తీశారు. తప్పు చేసినవాడు ఒప్పుకుని, సొమ్ము పూర్తిగా తిరిగిచ్చి, అయిదో వంతు కలపాలి. అంటే 60 రూపాయలు. పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు కదా అని నేనన్నాను. చిన్నోడు వేళ్ల మీద లెక్కేసి, "200 వద్దు, మోషే లెక్కే బాగుంది" అన్నాడు.

రోజూ మిద్దె మీద మొక్కలకు నీళ్లు పోస్తే నాలుగు రూపాయలు. పదిహేను రోజులు పోశాడు. ఒకరోజు వాన పడితే, "ఇవాళ దేవుడు పోసేశాడు, నాకు రూపాయలు పోయాయి" అని ఏడుపు. వాడి కోసం ఒక రోజు పొడిగించాం. నిన్న ఆదివారం క్లాసుకు ముందే వెళ్లి, టీచరమ్మ ఒక్కరే బల్లలు సర్దుతుంటే కవరు ఇచ్చాడు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఆవిడ కవరు తీసుకుని, వాడి చేతికే ఆ రేకు డబ్బా ఇచ్చారు, ఈ వారం కూడా నువ్వే మోయాలి అని. నాకు భయమేసింది, నిజం చెప్పాలంటే.

ఇంటికొస్తూ స్కూటీ మీద వెనక నుంచి అడిగాడు: "అమ్మా, తర్వాత కూడా రోజూ పొద్దున్నే కోడి కూస్తుంది కదా. పేతురు రోజూ ఏడ్చేవాడా?" ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

వెనక బెంచీ, గుంటూరు

కోడి కూసినప్పుడల్లా ఏడ్చేవాడని పాత క్రైస్తవుల కథ ఒకటి ఉంది, బైబిల్లో మాత్రం లేదు. యూరప్‌లో చాలా చర్చిల గోపురాల మీద సిలువతో పాటు లోహపు కోడి ఉంటుంది, పేతురు గుర్తుగా అని చెబుతారు. గాలి ఎటు వీస్తే అటు తిరుగుతుంది. ఫొటో ఉంటే వాడికి చూపించండి, ముందు అది ఎందుకు పెట్టారో వాడినే చెప్పమనండి.