సమస్యాపూరణం: నీటి నాపఁగ నిల్లెల్ల నీరు నిండె

నిర్వాహకుడు:

ఈ వారం సమస్య తేటగీతి (నాలుగు పాదాల పద్యం) చివరి పాదం. విరోధంగా తోచే ఈ పాదానికి పై మూడు పాదాలూ మీరు రాసి, అర్థం కుదిర్చి ఆ విరోధాన్ని పోగొట్టాలి.

నీటి నాపఁగ నిల్లెల్ల నీరు నిండె

గత ఆదివారం మా వంటగది కుళాయికి వాషరు మార్చబోయి పడిన అవస్థలోంచి ఈ పాదం పుట్టింది. పాత వాషరు గోరు దిగనంత గట్టిపడి ఉంది. దాని ముఖం మీద ఇత్తడి పీఠం అంచు గుండ్రంగా గాడి వేసింది. కొత్తది వేసినా చుక్క ఆగలేదు. ఎందుకంటే అరిగింది వాషరు ఒక్కటే కాదు, అది కూర్చునే పీఠం కూడా ఉప్పునీటికి గుంటలు పడి ఉంది. ఆ సంగతి తెలియక బలం పెట్టి బిగించాను. పావుగంట పని అనుకున్నది రాత్రి తొమ్మిదింటి దాకా సాగింది.

నియమం ఒక్కటే. మూడవ పాదం చివర ఒక అక్షరం చేర్చి ‘కన్నీటి’ అనో ‘పన్నీటి’ అనో మార్చుకొనే ఉపాయం ఈసారి వద్దు. నీరు గొట్టంలోని నీరుగానే ఉండాలి, పూరణ ఇంటి మరమ్మతు గురించే ఉండాలి. కుళాయి, నల్లా, పంపు అనే మాటల్లో మీ ఊరి మాట ఏదైతే అది వాడండి.

గుంటూరు సభ్యుడు:

అర్ధరాతిరి చుక్కలై యా కుళాయి
కారుచుండఁగ మర త్రిప్పఁ గాడి విఱిగి
ఊడి చేతికి వచ్చె, నే నొత్తి పట్టి
నీటి నాపఁగ నిల్లెల్ల నీరు నిండె

నిర్వాహకుడు:

ధారాళంగా నడిచింది. ‘ఊడి చేతికి వచ్చె’ అన్నది ఇంట్లో మనం అనే మాటే. మూడవ పాదంలో ‘నేను + ఒత్తి’ సంధి వల్ల ఊకారానికి ఒకారంతో స్వరయతి (పాదం మొదటి అక్షరానికీ, పాదం మధ్య యతిస్థానంలోని అక్షరానికీ అచ్చుల పొత్తు) చక్కగా కుదిరింది. రెండు సవరణలు సూచిస్తాను. ‘అర్ధ’ తత్సమం (సంస్కృత పదమే), ‘రాతిరి’ తద్భవం (సంస్కృతం నుంచి మారిన రూపం) కాబట్టి ఇది వైరిసమాసం, అంటే కలపకూడని మాటల సమాసం. ‘అర్ధరాత్రము’ అంటే గణమూ (గురు లఘువుల కూర్పు) చెడదు, దోషమూ పోతుంది. ఇక గాడి విరగదు, అరుగుతుంది. ‘గాడి యఱిగి’ అంటే న గణమే (మూడు లఘువులు) నిలుస్తుంది, కుళాయికి జరిగినది కూడా అదే. ఎన్నో ఏళ్లు తిప్పి తిప్పి అరిగిన మరలే ఒకనాడు పట్టు వదులుతాయి. పద్యంలో వస్తువును గురించి చెప్పే ప్రతి క్రియా ఆ వస్తువుకు నిజంగా జరిగేదై ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

కరీంనగర్ సభ్యురాలు:

గోడలోపలి గొట్టము గుల్ల యగుట
తెలియ కే నొక్క రెంచితోఁ ద్రిప్పినంతఁ
జివరి మర గోడలోఁ దెగి చిక్కుకొనియె
నీటి నాపఁగ నిల్లెల్ల నీరు నిండె

మా ఇంట్లో నల్లా మార్చబోతే జరిగినదే ఇది. జి.ఐ. (జింకు పూత వేసిన ఇనుప) గొట్టానికి లోపలి పూత పోయాక అక్కడి నుంచే తుప్పు తింటూ వస్తుంది. బయటికి మాత్రం గట్టిగానే కనిపిస్తుంది. అర అంగుళం నిపుల్ (మరలున్న పొట్టి గొట్టం ముక్క) మరల దగ్గర తెగి, సగం గోడలోని ఎల్బోలో (గొట్టం వంపులో) ఉండిపోయింది. దానిని పట్టుకోవడానికి రెంచికి అంచు కూడా మిగలలేదు. మిద్దె మీది ట్యాంకు ఖాళీ అయ్యేదాకా కర్ర బిరడా కొట్టి, దాని మీద చేయి పెట్టి నిలబడ్డాను. తరువాత వచ్చిన పనివాడు హాక్సా బ్లేడును విడిగా చేత పట్టుకొని, ఎల్బో మరలు తెగకుండా ఆ ముక్కను లోపలి వైపు నుంచి రెండు చోట్ల నిలువుగా కోసి, ఆ కోతల మధ్య పెళ్లను సన్నని ఉలితో లోపలికి ముడిచి తీశాడు. ఆ కోతకే గంటన్నర పట్టింది.

నిర్వాహకుడు:

అమ్మా, ఇది అనుభవించినవారు రాసిన పద్యమని మొదటి పాదమే చెబుతోంది. ‘గుల్ల యగుట’ అన్న మాటకు బదులు ఇంకో మాట పనికిరాదు. రెండవ పాదంలో ‘నొక్క’ వ్యర్థపదం. ‘తెలియ కేఁ బెద్ద రెంచితో’ అంటే గణం అదే, అర్థం పెరుగుతుంది, ఎందుకంటే పిడి పొడుగైన కొద్దీ గొట్టం మీద మెలి పెరుగుతుంది. తెగడానికి కారణం అదే కదా. నాకు కనిపించే లోపం మూడవ పాదం చివర ఉంది. ‘చిక్కుకొనియె’తో వాక్యం ముగిసిపోయింది, సమస్య పాదం వేరే వాక్యంగా విడిపోయింది. అతుకు వదులుగా ఉంది.

కరీంనగర్ సభ్యురాలు:

నిజమే గురువుగారూ. ‘చివరి మర గోడలోఁ దెగి చిక్కె, దాని / నీటి నాపఁగ’ అంటే అతుకు కుదురుతుందా?

నిర్వాహకుడు:

కుదిరింది. ఒక్క ‘దాని’తో రెండు పాదాలూ బిగిశాయి.

కొత్త సభ్యుడు, రాజమహేంద్రవరం:

పద్యం రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే మన్నించి దిద్దండి.

గేటువాల్వును మూసితి గట్టిగాను
త్రుప్పు పట్టిన దది లోన తునిగిపోయె
టేపు చుట్టితి పదిసార్లు మాపు దాక
నీటి నాపఁగ నిల్లెల్ల నీరు నిండె

అనంతపురం సభ్యురాలు:

బిందె బక్కెట్లు గిన్నెలు పెద్ద చెంబు
లెన్నియో ముందు నింపితి మింటిలోన
మేస్త్రి వచ్చెడి దినమున మిద్దె తొట్టి
నీటి నాపఁగ నిల్లెల్ల నీరు నిండె

మా అత్తగారు మరమ్మతు అనగానే ముందుగా చేయించే పని ఇదే. పని గంటలో అవుతుందని మేస్త్రి ఎంత చెప్పినా ఆవిడ ఇంట్లోని ప్రతి పాత్రా నింపించాకే వాల్వు తిప్పనిస్తారు.

గుంటూరు సభ్యుడు:

అమ్మా, మీ పూరణ చదివాక నా పద్యంలో లోటు నాకే తెలిసింది. నా పద్యంలో నీరు ఆగనే లేదు. ‘ఆపఁగ’ అన్నదానికి ‘ఆపబోగా’ అని అర్థం లాగవలసి వచ్చింది. మీ పద్యంలో నీరు నిజంగా ఆగింది, ఇల్లూ నిజంగా నిండింది.

నిర్వాహకుడు:

ఈ సమస్యకు తాళం ‘ఆపఁగ’ అన్న క్రియలోనే ఉంది. అనంతపురం సోదరి నీటిని నిజంగానే ఆపి, ‘నిండె’ను పాత్రలకు అన్వయించి విరోధాన్ని పూర్తిగా పోగొట్టారు. చెంబు/లెన్నియో అని విడిచిన చోట ‘ఎ’కు ‘ఇంటి’లోని ‘ఇ’తో స్వరయతి కుదిరింది. ‘బక్కెట్లు’ గణం కోసం సాగినట్టుంది. ‘బిందె కాగులు’ అంటే ఆ ఇబ్బంది ఉండదు, రాయలసీమ ఇంటికి కాగు సహజం కూడా.

రాజమహేంద్రవరం తమ్ముడి పద్యాన్ని మాత్రం మరొకసారి చదవమని అందరినీ కోరుతున్నాను. మొదటి పాదంలో గే–గ యతి చెల్లదు, ఏత్వానికి అకారంతో మైత్రి లేదు. ‘గింజుకొనుచు’ అంటే చెల్లుతుంది, బిగుసుకుపోయిన వాల్వు చక్రంతో పెనుగులాడే మనిషీ కనిపిస్తాడు. సరళాదేశాలు (క, చ, ట, త, పలు గ, జ, డ, ద, బలుగా మారడం) కూడా కొన్ని తప్పాయి. మూడవ పాదంలో టేపు–మాపు ప్రాసయతి (యతికి బదులు రెండవ అక్షరాలు కలవడం) బాగుంది. అయితే ఆయన ‘ఆపఁగ’ను ‘ఆపడానికి’ అన్న తుమర్థంలో వాడి, అక్కడ విరామం పెట్టారు. నీటిని ఆపడానికి మాపు దాకా టేపు చుట్టాడు, ఇల్లు నిండింది. పాదంలో ఒక్క అక్షరం కదపకుండా, అర్థం లాగకుండా విరోధం పోయింది. మిగిలిన ముగ్గురికీ తోచని అన్వయం ఇది.

విషయం కూడా నిజమే. పాత గేటువాల్వులో కాడ తునిగితే చక్రం తిరుగుతూనే ఉంటుంది, లోపలి బిళ్ల మాత్రం దిగదు. మూశామనుకొని అవతల గొట్టం విప్పుతాము. టేపు సంగతి ఒకటి చెప్పాలి. టెఫ్లాన్ టేపును మర మనకు ఎదురుగా ఉండగా గడియారం ముల్లు తిరిగే దిక్కునే చుట్టాలి, లేకపోతే బిగించేటప్పుడు విడిపోతుంది. మరలు మంచివైతే నాలుగైదు చుట్లు చాలు. మరలే తుప్పు తిని పోతే పది చుట్లు చుట్టినా నిలవదు. ఆ ‘పదిసార్లు’ అందుకే నాకు నచ్చింది.

రాజమహేంద్రవరం సభ్యుడు:

గురువుగారికి నమస్కారం. టేపు నేను ఎదురు దిక్కున చుట్టాను, ఆ సంగతి ఇప్పుడు తెలిసింది. దిద్దిన పద్యం ఇది.

గేటువాల్వును మూసితి గింజుకొనుచుఁ
ద్రుప్పు పట్టిన దది లోనఁ దునిగిపోయె
టేపు చుట్టితిఁ బదిసార్లు మాపు దాఁక
నీటి నాపఁగ, నిల్లెల్ల నీరు నిండె