ఐఏటీ సెన్సార్‌కి రెసిస్టర్ పెడితే నిజంగా పికప్ పెరుగుతుందా?

నాలుగో గేరు:
"పవర్ చిప్" పేరుతో ఆన్‌లైన్‌లో చవగ్గా ఒకటి అమ్ముతున్నారు. విప్పి చూస్తే లోపల ఉన్నది 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టర్ ఒక్కటే. ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఎంత వేడిగా ఉందో చెప్పే ఐఏటీ సెన్సార్ కనెక్టర్ పీకి, దాని స్థానంలో దీన్ని గుచ్చమంటారు. చల్లగాలి వస్తోందనుకుని ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పెట్రోలు ఎక్కువ వదులుతుందట, దాంతో పికప్ పెరుగుతుందట. బండి 1.2 లీటర్ పెట్రోల్, టర్బో లేదు. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే మేనిఫోల్డ్ మీద, పీడనం కొలిచే నాలుగు పిన్నుల మ్యాప్ సెన్సార్, ఐఏటీ అందులోనే ఉంది. ఎండల్లో ఏసీ వేస్తే లాగడం లేదు. పెట్టొచ్చా?

వైరింగ్ బాబాయ్:
ముందు లెక్క చూద్దాం తమ్ముడూ. ఐఏటీ అంటే ఎన్‌టీసీ థర్మిస్టర్. వేడెక్కే కొద్దీ దాని రెసిస్టెన్స్ పడిపోతుంది. బాష్ తరహా సెన్సార్‌లో 0 డిగ్రీల దగ్గర 5.9 కిలో ఓమ్‌లు, 20 దగ్గర 2.5, 40 దగ్గర 1.2, 60కి వచ్చేసరికి 600 ఓమ్‌లే. ఈసీయూ 5 వోల్టులు తనలోని ఒక రెసిస్టర్ (పుల్-అప్) గుండా పంపి, సెన్సార్ దగ్గర ఎంత మిగిలిందో చూసి ఉష్ణోగ్రత లెక్కేస్తుంది. 4.7 కిలో ఓమ్‌లంటే సుమారు 5 డిగ్రీలు. మే నెలలో రెంటచింతలలో నిలబడి లంబసింగి చలి అని చెప్పడమన్నమాట.

మ్యాప్ సెన్సార్ ఉన్న బండి గాలి బరువుని నేరుగా కొలవదు. పీడనం, ఆర్‌పీఎం, ఉష్ణోగ్రత కలిపి లెక్కగడుతుంది. అసలు గాలి 50 డిగ్రీలనుకో, 323 కెల్విన్. రెసిస్టర్ చెప్పేది 278. భాగిస్తే 1.16, అంటే 16 శాతం పెట్రోలు అదనం. ఇక్కడిదాకా అమ్మేవాడు చెప్పింది నిజమే. ఆ తర్వాతది చెప్పడు. ఎగ్జాస్ట్‌లో ఉన్న ఆక్సిజన్ సెన్సార్ గాలి-పెట్రోలు మిక్స్చర్ రిచ్ అయిందని, అంటే పెట్రోలు ఎక్కువైందని, పట్టేస్తుంది. ట్రిమ్ అంటే ఈసీయూ పెట్రోలుని సరిదిద్దుకునే శాతం. ముందు అప్పటికప్పుడు మారే షార్ట్ టర్మ్ ట్రిమ్, దాని వెనకాలే నేర్చుకుని గుర్తుంచుకునే లాంగ్ టర్మ్ ట్రిమ్ మైనస్ 14 శాతం దాకా దిగి, పెరిగినదంతా కోసేస్తాయి.

బెజవాడ టర్బో:
మామూలుగా నడిపేటప్పటి సంగతి అది బాబాయ్. యాక్సిలరేటర్ మొత్తం తొక్కితే ఈసీయూ ఓపెన్ లూప్‌లోకి పోతుంది, ఆక్సిజన్ సెన్సార్ మాట వినదు. పవర్ కావాల్సింది అప్పుడే కదా?

వైరింగ్ బాబాయ్:
అక్కడ రెండే దారులు. కొన్ని ఈసీయూలు నేర్చుకున్న లాంగ్ టర్మ్ ట్రిమ్‌ని ఫుల్ థ్రాటిల్‌లోనూ వాడతాయి. అలాంటి బండిలో మైనస్ 14 అక్కడికీ వస్తుంది, లాభం సున్నా. వాడని ఈసీయూ అయితే ఇంకా చెడ్డది. ఫుల్ థ్రాటిల్‌కి కంపెనీయే మిక్స్చర్‌ని రిచ్‌గా, లాంబ్డా (1 అంటే సరైన మిక్స్చర్, తగ్గితే రిచ్) 0.88 దగ్గర పెట్టిందనుకో. దాని మీద మరో 16 శాతం పోస్తే 0.76. పవర్ బాగా వచ్చే చోటు దాటిపోయాం. ప్లగ్గులు నల్లబడతాయి, సిలిండర్ గోడ మీది ఆయిల్ కడుక్కుపోతుంది, బండి మందగిస్తుంది.

బెజవాడ టర్బో:
సరే, పెట్రోలు వాదన వదిలేస్తా. అసలు సంగతి స్పార్క్ టైమింగ్. గాలి వేడెక్కితే నాకింగ్ (సిలిండర్‌లో మిక్స్చర్ దానంతటదే అంటుకుని కొట్టడం) వస్తుందని ఈసీయూ స్పార్క్‌ని వెనక్కి లాగుతుంది. ట్రాఫిక్‌లో మేనిఫోల్డ్ వేడికి సెన్సారే 65 చూపిస్తుంది, లోపలికి వెళ్లే గాలి అంత ఉండదు. అంటే సెన్సారే తప్పు చెబుతోంది. కాబట్టి పూర్తిగా పీకకుండా, వైరుకి సిరీస్‌లో 1 కిలో ఓమ్ పెడితే చాలు. 60 డిగ్రీల దగ్గర 600 ప్లస్ 1000, 1.6 కిలో ఓమ్‌లు. ఈసీయూకి 32 కనిపిస్తుంది. పోయిన టైమింగ్ తిరిగొస్తుంది.

ఓరుగల్లు ఆటో:
టర్బో గారూ, మీ వాదనలో సగం ఒప్పుకోవాలి. సెన్సార్ వేడి పీల్చుకోవడం నిజమే. కానీ బండి కదిలి గాలి ఆడితే ఆ తేడా తగ్గిపోతుంది. మీ రెసిస్టర్ మాత్రం హైవే మీద కూడా అబద్ధం చెబుతూనే ఉంటుంది. పైగా అబద్ధం పరిమాణం మారుతుంది. పొద్దున 25 డిగ్రీలకి సెన్సార్ సుమారు 2.06 కిలో ఓమ్‌లు, మీది కలిపితే 3.06, ఈసీయూకి 15 కనిపిస్తుంది. తేడా 10 డిగ్రీలే, పెట్రోలులో మూడున్నర శాతం. మధ్యాహ్నం 60కి 32 చూపిస్తే తేడా 28 డిగ్రీలు, 9 శాతం. లాంగ్ టర్మ్ ట్రిమ్ ఏ లెక్కకి కుదురుకోవాలి? పొద్దున నేర్చుకున్నది మధ్యాహ్నం తప్పు, మధ్యాహ్నం నేర్చుకున్నది మర్నాడు పొద్దున తప్పు. ఫిక్స్‌డ్ 4.7తో ఇది ఇంకా ఘోరం.

టైమింగ్ సంగతి. ఈసీయూ టైమింగ్ పట్టికలో ఆ రిటార్డ్ (స్పార్క్ ఆలస్యం) పెట్టింది నాకింగ్ ఆపడానికే. గాలి నిజంగా వేడిగా ఉన్నప్పుడు దాన్ని తీసేస్తే ఇంజిన్ నాక్ అవుతుంది, అప్పుడు నాక్ సెన్సార్ కొన్ని డిగ్రీలు ఒక్కసారిగా లాగి, మెల్లగా వెనక్కి ఇస్తుంది. ముందుచూపుతో తగ్గించిన టైమింగ్ పోయి, దెబ్బ తిన్నాక తగ్గించే టైమింగ్ మిగులుతుంది. టర్బో బండికి మాత్రం ఇది చేయనే కూడదు. బూస్ట్‌లో నాకింగ్ అంటే పిస్టన్ రింగ్ ల్యాండ్ (రింగుల మధ్య ఉండే గట్టు) విరిగే ప్రమాదం.

నాలుగో గేరు:
ఇంకో డౌట్ అన్నా. బండి ఈ10 (పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) కోసం చేసినది, ఇప్పుడు బంకుల్లో ఈ20 (ఇరవై శాతం). దాంతో మిక్స్చర్ లీన్ అవుతుంది, అంటే పెట్రోలు తక్కువవుతుంది కదా, రెసిస్టర్ ఆ లోటు పూడుస్తుందని ఒక వీడియోలో చెప్పారు.

ఓరుగల్లు ఆటో:
ఈ10కి గాలి-పెట్రోలు సరైన నిష్పత్తి 14.1 దగ్గర, ఈ20కి 13.5 దగ్గర. తేడా 4 శాతం. ట్రిమ్‌లు దాన్ని తేలిగ్గా సర్దుతాయి, వాటి పరిధి సాధారణంగా ప్లస్ మైనస్ 20 శాతం పైనే. 4 శాతం గుంట పూడ్చడానికి 16 శాతం మట్టి ఎందుకు? రబ్బరు సీళ్లు, పైపులకి ఈ20 పడుతుందా అన్నది వేరే సంగతి, రెసిస్టర్‌తో దానికి పనే లేదు.

డీజిల్ దొర:
కామన్ రైల్ డీజిల్‌కి పనిచేస్తుందా?

వైరింగ్ బాబాయ్:
ఎమ్‌ఏఎఫ్ సెన్సార్ ఉన్న బండి, పెట్రోలైనా డీజిలైనా, గాలి బరువుని నేరుగా కొలుస్తుంది దొరా. ఐఏటీని ఏమార్చినా పెట్రోలు, డీజిల్ లెక్క పెద్దగా కదలదు. ఎమ్‌ఏఎఫ్‌నే కదిలిస్తే డీజిల్‌లో ఈజీఆర్ (ఎగ్జాస్ట్‌లో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు), పొగ పరిమితి దెబ్బతింటాయి. ఎమ్‌ఏఎఫ్ కూర్చునే గొట్టం 70 మిల్లీమీటర్ల నుంచి 80కి మార్చినా అంతే, రీడింగ్ దాదాపు 23 శాతం తక్కువ వస్తుంది.

నాలుగో గేరూ, నీ బండి సంగతికొస్తే. 25 డిగ్రీల గాలితో పోలిస్తే 50 డిగ్రీల గాలి 8 శాతం పలచన. పైన ఏసీ కంప్రెసర్ భారం. పోయింది అదీ. రెసిస్టర్ గాలిని చిక్కబరచదు. గాలిని చల్లగా రప్పించు:

ఎయిర్ ఫిల్టర్ డబ్బాకి ముందుండే గొట్టం గ్రిల్ వెనక సరిగ్గా కూర్చుందో లేదో చూడు. సర్వీసులో ఊడదీసి మళ్లీ పెట్టకపోతే రేడియేటర్ వేడిగాలే లోపలికి పోతుంది. రేడియేటర్ చుట్టూ ఫోమ్ సీళ్లు చిరిగితే మార్పించు. సెన్సార్ ఊడదీసి చూడు, పీసీవీ (ఇంజిన్ లోపలి ఆవిర్లని మేనిఫోల్డ్‌లోకి పంపే గొట్టం) నుంచి వచ్చిన ఆయిల్ పొర పట్టి ఉంటే సెన్సార్ క్లీనర్ స్ప్రేతో కడిగి ఆరబెట్టు. కార్బ్ క్లీనర్ వద్దు, బ్రష్ వద్దు.

సెన్సార్ బాగుందో లేదో చూడటానికి రాత్రంతా నిలిపిన బండిలో, పొద్దున స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి ఓబీడీ స్కానర్‌లో ఐఏటీ, కూలెంట్ చూడు. రెండూ బయటి ఉష్ణోగ్రతకి నాలుగైదు డిగ్రీల లోపు ఉండాలి. మైనస్ 40 కనిపిస్తే వైరు తెగింది, పీ0113 ఎర్రర్ కోడ్ వస్తుంది. 130, 140 అని చూపిస్తే షార్ట్, పీ0112.

బెజవాడ టర్బో:
అంత చెప్పినా, పెట్టి చూస్తేగాని తేలదంటాను. అందరి బండీ ఒకేలా ఉండదు.

ఓరుగల్లు ఆటో:
చూడండి, కానీ సీటు ఇచ్చే ఫీలింగ్‌తో కాదు. యాక్సిలరేటర్ కొంచెం తొక్కగానే బండి ఎగిరినట్టు అనిపించడం రిచ్ మిక్స్చర్ వల్లా రావచ్చు. ఖాళీ రోడ్డు మీద, స్పీడ్ లిమిట్ లోపల, రెండో గేరులో 2000 నుంచి 4500 ఆర్‌పీఎం దాకా ఎన్ని సెకన్లో లాగ్ చేయండి. రెండు దిక్కులా మూడేసి సార్లు, ఏసీ ఆఫ్, కూలెంట్ 90 దగ్గర. టైమింగ్ అడ్వాన్స్, రెండు ట్రిమ్‌లు, ఐఏటీ ఒకే లాగ్‌లో ఉండాలి. రెసిస్టర్ పెట్టాక కనీసం 100 కిలోమీటర్లు నడిపి, ట్రిమ్‌లు సర్దుకున్నాకే రెండో లాగ్. తీసేటప్పుడు స్కానర్‌తో ట్రిమ్‌లు రీసెట్ చేయడం మరవొద్దు, లేకపోతే మైనస్ 14 అలాగే ఉండి బండి కొన్నాళ్లు లీన్‌గా నడుస్తుంది.

నాలుగో గేరు:
గొట్టం చూశాను అన్నా. గ్రిల్ దగ్గర క్లిప్పు విరిగి, మూతి రేడియేటర్ ఫ్యాన్ వైపు తిరిగి ఉంది. క్లిప్పు వేయించి రేపు మధ్యాహ్నం ఐఏటీ లాగ్ పెడతా.