మూడో విమాన వాహక నౌక మనకు ఇప్పుడే కావాలా? విక్రాంత్, రఫేల్-ఎం, తేజస్‌ల మీద చర్చ

చంద్రగిరి కుర్రోడు:

తిరుపతిలో ఉండి సైన్యంలో అధికారి ఉద్యోగాలకు పెట్టే సీడీఎస్ పరీక్షకు చదువుతున్నాను. మా రూములో ఒక వాదన ఎంతకీ తెగడం లేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. 2022 సెప్టెంబర్ 2న కొచ్చిలో నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ విక్రాంత్‌కు సుమారు 20,000 కోట్లు ఖర్చయింది. నౌకాదళం కోసం 26 రఫేల్-ఎం విమానాలు కొనడానికి 2025 ఏప్రిల్‌లో కుదిరిన ఒప్పందం సుమారు 63,000 కోట్లు. అంటే ఓడకు అయిన దానికి మూడు రెట్లు విమానాలకే. దీని మీద మూడో నౌక కూడా కావాలంటున్నారు. ఇంకోపక్క 2022 ఏప్రిల్‌లో నల్ల సముద్రంలో రష్యా యుద్ధనౌక మాస్క్వా, ఉక్రెయిన్ తీరం నుంచి వదిలిన నెప్ట్యూన్ క్షిపణులకు మునిగిపోయింది. ఇంత పెద్ద ఓడలు ఇకమీదట మనకు బలమా, శత్రువుకు సులువుగా దొరికే గురా? మొహమాటపడకుండా చెప్పండి.

పుత్తూరు నావికుడు:

నాయనా, నేను విశాఖలో తూర్పు నౌకాదళంలో పనిచేసి రిటైరయినవాడిని. 1971 గురించి చెబుతాను. అప్పటి పాత విక్రాంత్‌కు ఒక బాయిలర్ పగిలి ఉంది, పూర్తి వేగం అందుకోలేదు. అయినా దాన్ని బంగాళాఖాతంలోకి పంపారు. దాన్ని ముంచాలని పాకిస్తాన్ తన జలాంతర్గామి ఘాజీని కరాచీ నుంచి శ్రీలంక చుట్టూ తిప్పి ఇక్కడిదాకా పంపింది. వాళ్ళ దగ్గర ఉన్నవాటిలో అంత దూరం రాగలిగింది అదొక్కటే. డిసెంబర్ 3 రాత్రి తెల్లవారేలోగా అది విశాఖ దగ్గరే మునిగింది. అప్పటికి విక్రాంత్ అండమాన్ వైపు ఉంది. తర్వాత దాని సీ హాక్ విమానాలు చిట్టగాంగ్, కాక్స్ బజార్ల మీద దాడి చేశాయి, తూర్పు పాకిస్తాన్‌కు సముద్రం దారి మూసుకుపోయింది. ఒక ఓడ విలువ తెలియాలంటే దాని కోసం శత్రువు ఏం పణంగా పెట్టాడో చూడాలి.

మాస్క్వా సోవియట్ కాలంలో కట్టిన ఓడ. దాన్ని చూపించి కొత్త విక్రాంత్‌ను తూచడం సరికాదు. విమాన వాహక నౌక ఒంటరిగా తిరగదు. చుట్టూ కాపలాకు డిస్ట్రాయర్లు, ఫ్రిగేట్లు అనే యుద్ధనౌకలు ఉంటాయి, కింద జలాంతర్గామి కూడా ఉండవచ్చు. ఇంకో మాట. ఒక నౌక మరమ్మతుకు డాక్‌లోకి వెళితే నెలల తరబడి బయటికి రాదు. రెండు తీరాలకూ ఎప్పుడూ చెరొకటి సిద్ధంగా ఉండాలంటే మొత్తం మూడు ఉండాల్సిందే. నౌకాదళం మూడోది అడుగుతున్నది దీనికే.

ఏర్పేడు ఇంజనీర్:

సార్, మీ సర్వీసు మీద గౌరవంతోనే ఒప్పుకోలేకపోతున్నాను. మీరు ఓడల లెక్క చెప్పారు. నేను ఆ ఓడ మీద రేపు పొద్దున ఎగరగలిగే విమానాల లెక్క అడుగుతున్నాను.

ఈ ఓడల కోసం రష్యా నుంచి మిగ్-29కే రకం విమానాలు 45 కొన్నాం. 2016లో కాగ్ ఇచ్చిన నివేదికలో, ఒంటి సీటు విమానాలు ఎగరడానికి సిద్ధంగా ఉన్నది 15.93 నుంచి 37.63 శాతం మాత్రమే అని రాశారు. అంటే బాగున్న రోజుల్లో కూడా పదిలో నాలుగైనా సిద్ధంగా లేవు. అటువంటప్పుడు అది ఎన్ని వేల టన్నుల ఓడ అయితే ఏం?

డిజైన్ సంగతికి వద్దాం. విక్రాంత్‌లో కాటపుల్ట్, అంటే విమానాన్ని విసిరినట్టు ముందుకు తోసి లేపే యంత్రం, లేదు. ముందుభాగం పైకి వంచిన స్కీ జంప్ మీదుగా విమానం సొంత ఇంజన్ బలంతోనే లేవాలి. అందువల్ల నిండా ఇంధనం, నిండా ఆయుధాలు రెండూ ఒకేసారి మోయడం కష్టం. ఇంతకంటే పెద్ద లోటు ఇంకొకటి ఉంది. దూరం నుంచే శత్రువును పసిగట్టే బరువైన రాడార్ విమానం దాని మీద నుంచి లేవలేదు. ఆ పని కామోవ్-31 హెలికాప్టర్ చేయాలి. హెలికాప్టర్ అంత ఎత్తుకు ఎక్కలేదు, అంతసేపు ఉండలేదు. 2025 నవంబర్‌లో చైనా తన దళంలో చేర్చుకున్న ఫుజియాన్‌కు విద్యుదయస్కాంత కాటపుల్ట్‌లు ఉన్నాయి, దాని మీద నుంచి రాడార్ విమానాలు కూడా లేస్తాయి. టన్నుల తేడా కన్నా నన్ను కలవరపెడుతున్నది ఈ తేడా.

విక్రాంత్ లిఫ్టులు రెక్కలు మడిచిన మిగ్‌ను దృష్టిలో పెట్టుకుని కట్టినవి. రఫేల్ రెక్కలు మడవవు. పైగా ఆ 26లో 4 రెండు సీట్ల శిక్షణ విమానాలు, వాటికి ఓడ మీద పనిలేదు. మిగిలేవి 22. మూడో నౌక కడితే దాని మీదకు ఏ విమానాలు వస్తాయి? మన తేజస్ నౌకాదళ నమూనా 2020 జనవరి 11న మన ఇంకో విమాన వాహక నౌక విక్రమాదిత్య మీద దిగింది, నిజంగా గర్వపడాల్సిన రోజు అది. కానీ ఒక్క ఇంజన్‌తో సరిపడా బరువు మోయలేదని నౌకాదళం దాన్ని తీసుకోలేదు. రెండు ఇంజన్ల విమానం ఇంకా డిజైన్ దశలోనే ఉంది, దానికీ ఇంజన్ బయటి నుంచే రావాలి.

నా బాధంతా ఇంజన్ గురించే సార్. తేజస్ కోసం 1980లలో మొదలుపెట్టిన మన సొంత ఇంజన్ కావేరిని 2008లో తేజస్ నుంచి విడదీశారు. 2021లో 83 తేజస్ మార్క్-1ఏ విమానాలకు సుమారు 48,000 కోట్ల ఆర్డర్ ఇస్తే, వాటికి కావాల్సిన అమెరికా ఇంజన్లలో మొదటిది మన చేతికి వచ్చింది 2025 మార్చిలో. 2025 సెప్టెంబర్ 26న మిగ్-21లు సెలవు తీసుకున్నాక వాయుసేనకు మిగిలినవి 29 స్క్వాడ్రన్లు (యుద్ధవిమానాల దళాలు), ఉండాల్సినవి 42. ఈ పరిస్థితిలో మూడో ఓడకు డబ్బు పెట్టడం నాకు మింగుడుపడటం లేదు.

చిత్తూరు లెక్చరర్:

నేను డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను, ఆయుధాల నిపుణురాలిని కాను. కానీ ఖర్చుకు తగ్గ ఫలం అన్నది మా సబ్జెక్టే. ఎర్ర సముద్రంలో యెమెన్ హౌతీ తిరుగుబాటుదారులు వేల డాలర్ల డ్రోన్లు వదులుతుంటే, ఒక్కోటి సుమారు 20 లక్షల డాలర్లయ్యే క్షిపణులతో అమెరికా డిస్ట్రాయర్లు వాటిని కూల్చాయి. ఓడ బతికింది, సంతోషమే. మరి ఆ లెక్క ఎన్నాళ్ళు నడుస్తుంది?

అమెరికాదే జుమ్‌వాల్ట్ రకం యుద్ధనౌక చూడండి. 32 కట్టాలనుకుని 3తో ఆపేశారు. ఓడల సంఖ్య తగ్గేసరికి దాని ఫిరంగికి ప్రత్యేకంగా తయారుచేసిన గుండు ఒక్కోటి దాదాపు 8 లక్షల డాలర్లకు చేరింది, కొనడం మానేశారు. ఇప్పుడు ఆ ఫిరంగులు తీసేసి క్షిపణులు పెడుతున్నారు. చూడటానికి అంత కొత్తగా ఉన్న ఓడ, పెట్టిన ఆయుధం కాల్చలేని స్థితికి వచ్చింది.

మనవాళ్ళు బాగా చేసిన పని మధ్యస్థాయి ఓడలు. సోమాలియా సముద్రపు దొంగలు పట్టుకున్న రుయెన్ ఓడను 2024 మార్చిలో ఐఎన్‌ఎస్ కోల్‌కతా అడ్డుకుంది. సీ-17 విమానం నుంచి మన నౌకాదళ మార్కోస్ కమాండోలు సముద్రంలోకి దూకారు. 35 మంది దొంగలు లొంగిపోయారు, 17 మంది సిబ్బంది బతికి బయటపడ్డారు. మన తీరానికి సుమారు 2,600 కిలోమీటర్ల దూరంలో జరిగింది ఇది. 2025 ఆగస్టులో విశాఖలో చేరిన ఐఎన్‌ఎస్ ఉదయగిరికి ఆ పేరు మన ఆంధ్ర కొండల నుంచే వచ్చింది, దాని మీద బ్రహ్మోస్ క్షిపణులున్నాయి. ఒక్క విమాన వాహక నౌక, దాని విమానాల డబ్బుతో ఇలాంటివి ఎన్ని వస్తాయో ఆలోచించండి. కరాచీ రేవును 1971 డిసెంబర్ 4 రాత్రి కాల్చింది కూడా చిన్న క్షిపణి పడవలే కదా!

పుత్తూరు నావికుడు:

అమ్మా, ఆ పడవలకు ఇంధనం చాలదని దారిలో కొంతదూరం పెద్ద ఓడలు తాళ్ళు కట్టి లాక్కెళ్ళాయి. ఈ ముక్క ఎవరూ గుర్తుపెట్టుకోరు. నడి సముద్రంలో చిన్న ఓడ తల మీద శత్రు విమానం తిరిగితే ఎవరు కాపాడతారు? తీరం నుంచి లేచిన విమానం అక్కడికి చేరి, కాసేపు తిరిగి, మళ్ళీ వెనక్కి రావాలి. ఆకాశంలో ఇంధనం నింపే ట్యాంకర్లు మన దగ్గర ఎన్ని ఉన్నాయి?

ఏర్పేడు ఇంజనీర్:

అండమాన్ మనదే కదా సార్. కార్ నికోబార్ రన్‌వేను ఎవరూ ముంచలేరు. అక్కడ రన్‌వే పొడవు పెంచి, నిల్వలు పెట్టి, మంచి రాడార్లు పెడితే మలక్కా జలసంధి ఓడల దారి మీద కన్ను వేసి ఉంచవచ్చు. 2025 నవంబర్ 2న మన జిల్లాలోని శ్రీహరికోట నుంచి ఎల్‌వీఎం-3 తీసుకెళ్ళిన సీఎంఎస్-03 సమాచార ఉపగ్రహం 4,410 కిలోలు, అది నౌకాదళం కోసమే. సూళ్ళూరుపేట వైపు నుంచి ఎగిరిన ఆ రాకెట్ చేసిన పని కూడా యుద్ధనౌకలో భాగమే అనుకుంటాను. ఓడలను, విమానాలను, జలాంతర్గాములను కలిపే మాట అందకపోతే ఎంత పెద్ద ఓడ అయినా గుడ్డిదే. అలాగే శత్రువుకూ ఉపగ్రహాలున్నాయి, 262 మీటర్ల పొడవున్న ఓడను దాచడం ఏటేటా కష్టమవుతోంది.

జలాంతర్గాముల సంగతి ఇంకా దిగులుగా ఉంది. కల్వరి తరగతివి ఆరు వచ్చాయి, చివరిది వాగ్‌షీర్ 2025 జనవరిలో చేరింది. బ్లాక్ షార్క్ అనే టార్పెడోల (నీటి కింద దూసుకెళ్ళే ఆయుధాల) కొనుగోలు రద్దు కావడంతో వాటిని కొత్త బరువు టార్పెడోలు లేకుండానే చేర్చుకోవాల్సి వచ్చింది. కత్తి లేని ఒరను ఎంత నునుపుగా చెక్కితే ఏం లాభం?

చంద్రగిరి కుర్రోడు:

సార్, తిరువనంతపురంలో దిగిన బ్రిటన్ యుద్ధవిమానం ఎఫ్-35బీ గురించి కూడా చెప్పండి. 2025 జూన్ 14న దిగింది, జూలై 22న గానీ పోలేదు. అంత గొప్ప విమానం అన్నాళ్ళు కదలకపోతే దాన్ని మంచి డిజైన్ అనాలా?

ఏర్పేడు ఇంజనీర్:

తమ్ముడూ, దాన్ని చూసి ఎఫ్-35 పనికిరాదనడం అన్యాయం. హైడ్రాలిక్స్ పాడైంది, ఏ విమానానికైనా జరగొచ్చు. కానీ దాన్ని బాగుచేయడానికి బ్రిటన్ నుంచి ప్రత్యేక బృందం దిగాల్సి వచ్చిందే, అది గమనించు. ముందు వరుసలో పనిచేసే మెకానిక్ చేతికి ఏది అందుతుంది, ఏది అందదు అన్నది కూడా డిజైనే. తేజస్ మీద నాకు ఇంత పట్టుదల ఎందుకంటే, దాని లోపం ఎక్కడున్నా విప్పి చూసే హక్కు మనకుంది, ఇంజన్ లాంటి బయటి నుంచి కొన్న భాగాలకు తప్ప.

పుత్తూరు నావికుడు:

అబ్బయా, నువ్వు విప్పి చూసే హక్కు అన్నావు కాబట్టి చెబుతాను. 1980లలో జర్మనీ డిజైన్‌తో ముంబైలో మనవాళ్ళు జలాంతర్గాములు కట్టడం నేర్చుకున్నారు. షల్కి 1992లో, శంకుల్ 1994లో చేరాయి. తర్వాత ఆర్డర్లు ఆపేశారు. వెల్డర్లు, ఫిట్టర్లు చెల్లాచెదురైపోయారు. మళ్ళీ మన గడ్డ మీద కట్టిన అలాంటి జలాంతర్గామి, కల్వరి, చేరింది 2017లో. ఇరవై మూడేళ్ళు! ఇప్పుడు కొచ్చిలో విక్రాంత్ కట్టిన చేతులు ఉన్నాయి. 2,300 గదులున్న ఓడలో తీగలు, గొట్టాలు ఎక్కడెక్కడ పోతాయో తెలిసిన చేతులు అవి. వాళ్ళను ఖాళీగా కూర్చోబెడితే, నీ ఇంజన్ సిద్ధమయ్యేనాటికి ఓడ కట్టేవాడు ఉండడు.

చిత్తూరు లెక్చరర్:

ఈ మాటకు నా దగ్గర వెంటనే జవాబు లేదు సార్. అయితే ఆ చేతులను నిలబెట్టడానికి విమాన వాహక నౌకే కావాలా? డిస్ట్రాయర్లు, నౌకాదళానికి సరుకులు మోసే పెద్ద ఓడలు వాళ్ళకు ఇవ్వవచ్చు కదా.

ఏర్పేడు ఇంజనీర్:

సార్ చెప్పిన ముంబై సంగతి బలమైనది, దాన్ని కొట్టిపారేయలేను. కానీ కడితే విక్రాంత్ లాంటిదే మళ్ళీ కట్టండి, 65,000 టన్నుల ఇంకా పెద్ద ఓడ కలల జోలికి పోకుండా. లిఫ్టులు రెక్కలు మడవని విమానానికి కూడా సరిపోయేలా మార్చండి. ఇంజన్‌కు, టార్పెడోలకు కేటాయించిన డబ్బులో ఒక్క రూపాయి కూడా దానికి మళ్ళించనని రాతపూర్వకంగా చెప్పండి. అప్పుడు నేను వ్యతిరేకించను.

పుత్తూరు నావికుడు:

లిఫ్టుల మాటకు, ఇంజన్ డబ్బు మాటకు సరే. 65,000 టన్నుల దగ్గర మాత్రం నేను ఆగను. రాడార్ విమానం లేవదని నువ్వే పైన రాశావు. కాటపుల్ట్ పెట్టాలంటే ఆ సైజు ఓడ లేకుండా ఎలా కుదురుతుందో లెక్కతో చూపించు, చదువుతాను.